జిట్నీ స్టేషనులో టెలిఫోను

కొన్నేళ్ల క్రితం పరిషత్తు పోటీల కోసం నేనొక నాటిక రాశాను. కథ అంతా తిరుపతి ఆర్టీసీ బస్టాండు బయట షేర్ ఆటోలు ఆగే చోట జరుగుతుంది. రిహార్సల్సు చూడడానికి వచ్చిన ఒక పెద్దాయన, పాత్రలు ఇలా మాట్లాడితే న్యాయనిర్ణేతలు మార్కులు వెయ్యరని చెప్పి, ఎర్రసిరా కలంతో నా సంభాషణలన్నీ దిద్దారు. "ఇంగొక మనిషి ఎక్కితే బండి తీసేస్తానా" అన్న వాక్యం "మరొక ప్రయాణికుడు వస్తే బయలుదేరతాను" అయింది. ప్రదర్శన చూసిన ఒక ఆటోడ్రైవరు, నాకు బాగా తెలిసినవాడే, బయటికొచ్చాక "మన స్టాండులో ఎవురునా ఇట్లా మాట్లాడేది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాతి ఏడాది అమెరికన్ నాటకకర్త ఆగస్ట్ విల్సన్ రాసిన 'జిట్నీ' చేతికి చిక్కినప్పుడు ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది.

విల్సన్ 1945 ఏప్రిల్ 27న పిట్స్‌బర్గ్ నగరంలోని హిల్ డిస్ట్రిక్ట్ అనే పేటలో పుట్టాడు. తండ్రి ఐరోపా నుంచి వలస వచ్చిన జర్మన్ తెల్లజాతి రొట్టెల పనివాడు. ఇంటి పట్టున ఉన్నది తక్కువ. ఇళ్లలో పాచిపని చేసి ఆరుగురు పిల్లలను పెంచింది నల్లజాతి తల్లి డైసీ విల్సన్. తండ్రి పెట్టిన పేరు ఫ్రెడరిక్ ఆగస్ట్ కిట్టెల్. ఇరవయ్యేళ్ల వయసులో అతడు తల్లి ఇంటిపేరు తీసుకొని ఆగస్ట్ విల్సన్ అయ్యాడు.

పదిహేనేళ్లప్పుడు నెపోలియన్ మీద ఇరవై పేజీల వ్యాసం రాసి తీసుకెళితే, ఇది నువ్వు రాసింది కాదు పొమ్మన్నాడు ఉపాధ్యాయుడు. నిరూపించుకోవలసిన అవసరం నాకేమిటన్న పౌరుషంతో ఆ పిల్లవాడు బడి మానేశాడు, కానీ ఆ సంగతి తల్లికి చెప్పకుండా రోజూ బడివేళకు బయలుదేరి కార్నెగీ గ్రంథాలయానికి వెళ్లి, కనిపించిన పుస్తకమల్లా చదువుతూ కూర్చున్నాడు. చాలా ఏళ్ల తరువాత ఆ గ్రంథాలయమే అతనికి హైస్కూలు పట్టా ఇచ్చి గౌరవించింది. 1965 ఏప్రిల్ 1న ఇరవై డాలర్లు పెట్టి పాత టైపురైటరు కొన్నాడు. ఆ డబ్బు, అక్కకు కాలేజీ వ్యాసం రాసిపెట్టినందుకు ముట్టిన ప్రతిఫలం. దొంగరాత అని బడి నుంచి సాగనంపిన కుర్రవాడికి మొదటి టైపురైటరు ఇంకొకరి పేరు మీద రాసిన వ్యాసం వల్ల దొరకడం చూస్తే నాకు నవ్వు ఆగదు.

అదే ఏడాది పాత గ్రామఫోను రికార్డుల్లో నల్లజాతి గాయని బెస్సీ స్మిత్ పాట ఒకటి దొరికితే, వరుసగా ఇరవైరెండు సార్లు వేసుకొని విన్నానని ఆయన చెప్పుకున్నాడు. తన ఇరుగుపొరుగు మాట్లాడే భాషలో అంత అందం ఉందని అప్పుడే తెలిసిందట. తెలిసినా కలం వెంటనే వంగలేదు. 1968లో మిత్రుడు రాబ్ పెన్నీతో కలిసి బ్లాక్ హొరైజన్స్ అనే నాటక సంస్థ పెట్టినా, అప్పట్లో కవిత్వమే రాశాడు, అదీ ఇంగ్లీషు కవుల ధోరణిలో. పాత్రలను ఎలా మాట్లాడిస్తావు అని పెన్నీని అడిగితే, మాట్లాడించడం కాదు, వాళ్లు మాట్లాడేది వినాలి అన్నాడట. ఆ మాట ఒంటబట్టడానికి పదేళ్లు పట్టింది. 1978లో సెయింట్ పాల్ అనే దూరపు ఊరికి మకాం మార్చాక, తన పేట మాటలు చెవికి దూరమయ్యాకనే, అవి అతనికి స్పష్టంగా వినిపించసాగాయి. ఊరు విడిచి బెంగళూరులో ఉద్యోగం చేసిన నాలుగేళ్లూ మా అమ్మ "ఏంరా అబ్బోడా" అనే పిలుపు నాకు ఎంత గట్టిగా వినిపించేదో తలుచుకుంటే, ఇందులో వింతేమీ కనిపించదు.

అక్కడే 1979లో 'జిట్నీ' తొలిరూపం రాశాడు. లైసెన్సు ఉన్న టాక్సీలు నల్లవాళ్ల పేటలకు రానప్పుడు, సొంత కార్లతో అనుమతి లేకుండా జనాన్ని చేరవేసే బళ్లను జిట్నీలంటారు. గోడకు ఒక టెలిఫోను, పాత సోఫా, గళ్ల బల్ల, అయిదారుగురు డ్రైవర్లు. నగరపాలకులు ఆ కట్టడాన్ని కూలగొట్టబోతున్నారు. స్టేషను నడిపే బెకర్ కొడుకు ఇరవయ్యేళ్ల జైలు శిక్ష ముగించుకొని తిరిగొస్తాడు. ఈ నాటకాన్ని కనెక్టికట్‌లోని యూజీన్ ఓనీల్ నాటక కేంద్రం ఒప్పుకోలేదు. 1982లో 'మా రెయినీస్ బ్లాక్ బాటమ్' పంపితే ఎన్నుకుంది. ఆ కేంద్రంలో నాటకకర్తల సదస్సును నడిపిన లాయిడ్ రిచర్డ్స్ అప్పట్లో యేల్ నాటక విద్యాలయానికి కూడా అధిపతి. ఆయన దర్శకత్వంలోనే ఆ నాటకం 1984లో న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల పేట బ్రాడ్‌వేకి చేరింది.

అది 1927లో షికాగోలోని ఒక రికార్డింగు స్టూడియో కథ. గాయని మా రెయినీ, పాటకు ముందు వచ్చే నాలుగు మాటలను నత్తి ఉన్న తన మేనల్లుడే చెప్పాలని పట్టుబడుతుంది. రికార్డు మీద రికార్డు పాడవుతున్నా ఆమె వినదు. చివరకు ఆ కుర్రవాడు తడబడకుండా చెప్పేస్తాడు. తీరా చూస్తే మైకు పనిచేసి ఉండదు! నా నాటిక దిద్దిన పెద్దాయనకు ఈ ఒక్క ఘట్టం చదివి వినిపించాలని చాలాసార్లు అనిపించింది.

తరువాతి 'ఫెన్సెస్'కు 1987లోనూ, 'ది పియానో లెసన్'కు 1990లోనూ పులిట్జర్ బహుమతులు వచ్చాయి. 'ఫెన్సెస్'లో చెత్తబండి పనివాడు ట్రాయ్ మాక్సన్‌ను కొడుకు, నేనంటే నీకెందుకు ఇష్టం లేదు అని అడుగుతాడు. ఇష్టపడాలని ఎవరు చెప్పారు, రోజూ తింటున్నావా లేదా, తల మీద కప్పు ఉందా లేదా, అది నా బాధ్యత గనుక చేస్తున్నాను అంటాడు తండ్రి. ఇంతకంటే బిగువైన తండ్రీకొడుకుల సన్నివేశం నేను చదవలేదు. అయితే అన్నీ ఈ స్థాయిలో లేవు. 'కింగ్ హెడ్లీ 2'లో ఏకపాత్రోపన్యాసాలు కొంత శ్రుతి మించాయని నా అభిప్రాయం.

ఇరవయ్యో శతాబ్దపు ఒక్కో దశాబ్దానికి ఒక్కో నాటకం చొప్పున ఆయన పది రాశాడు. తొమ్మిదింటికి రంగస్థలం హిల్ డిస్ట్రిక్టే. ముందుగా గీసుకున్న పథకం కాదది. కొన్ని రాశాక గమనించి కొనసాగించాడు. మా చిత్తూరు జిల్లా పల్లెల్లో పద్దెనిమిది రోజుల భారతం పెట్టినప్పుడు, అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు ఒక్కటే చూసి పోయేవాడికీ ఒక కథ దొరుకుతుంది, దుర్యోధన వధ దాకా కూర్చున్నవాడికి మరొకటి దొరుకుతుంది. ఈ పది నాటకాలదీ అదే తీరు. ఆంట్ ఎస్టర్ అనే వృద్ధురాలు వాటిలో కొన్నింటిని కలుపుతుంది. ఆమె వయసు లెక్కగడితే, వర్జీనియా తీరానికి తొలి ఆఫ్రికన్లను తెచ్చిన 1619 దగ్గర తేలుతుంది.

పదో నాటకం 'రేడియో గోల్ఫ్' 2005లో యేల్‌లో ప్రదర్శితమైంది. అదే ఏడాది అక్టోబరు 2న విల్సన్ కాలేయ క్యాన్సర్‌తో సియాటిల్‌లో మరణించాడు, అరవయ్యేళ్లకే. రెండు వారాల్లో బ్రాడ్‌వేలోని ఒక నాటకశాలకు ఆయన పేరు పెట్టారు. మొదట రాసిన 'జిట్నీ' మాత్రం, పదింటిలోనూ చివరిదిగా, 2017లో గాని బ్రాడ్‌వే ఎక్కలేదు.

ఇప్పుడు దాన్ని మా యాసలో రాసుకుంటున్నాను, ప్రదర్శనకు కాదు, నాకోసం. చివర తండ్రి లేని స్టేషనులో ఫోను మోగుతుంది. కొడుకు వెళ్లి అందుకొని, డ్రైవర్లు అనే రెండే మాటలు, "కార్ సర్వీస్" అంటాడు. ఆ రెండు మాటల దగ్గరే వారం రోజులుగా ఆగిపోయి ఉన్నాను. నిన్న సాయంత్రం బస్టాండు దగ్గర ఆ ఆటోడ్రైవరునే అడిగాను, నీకు ఫోనొస్తే మొదట ఏమంటావని. "ఏడికినా?" అంటా, అన్నాడు.