కప్పు నుంచి, గచ్చు నుంచి

మన బడిలో తొమ్మిదో తరగతి గదిలో కూర్చున్న వారికి, నల్లబల్లకు ఎడమ పక్కన గోడ మొదట్లో, నాపరాయి మీద అర్ధరూపాయి బిళ్ళంత తెల్లని మచ్చ ఒకటి ఉండేదని గుర్తుండే ఉంటుంది. అది ఎలా పడిందో 1992-93లో ఆ గదిలో ఉన్న మా బ్యాచి వాళ్ళకే తెలుసు. ఒక రోజు మన సోషల్ సారు సైన్సు గది నుంచి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తెచ్చి, మమ్మల్నందరినీ బెంచీలు దిగి దగ్గరికి రమ్మని, మేకుతో బండను కొంచెం గీకి, ఆ గీకిన చోట రెండు చుక్కలు వదిలారు. బండ సుయ్యిమని పొంగి బుడగలు కక్కింది. మేము నోళ్ళు తెరుచుకొని చూస్తూ ఉండగా సారు, "ఈ బుడగలేరా బెలుం గుహ. మీరు కూర్చునేది అదే రాయి మీద," అన్నారు.

ఆ తరువాత ఆయన చెప్పిన పాఠం నేటికీ మరచిపోలేదు. వాన చినుకు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకొని దిగుతుంది; ఆ కాస్త పులుపుతోనే సున్నపురాయి నెర్రెల్లోకి జారి, లక్షల ఏళ్ళపాటు రాతిని కొంచెం కొంచెంగా కరిగించి దారి చేసుకుంటుంది; కరిగిన సున్నం పైనుంచి బొట్లుబొట్లుగా కారే చోట మళ్ళీ గడ్డకట్టి కొమ్ములు కడుతుంది. ఆ కొమ్ముల ఇంగ్లీషు పేర్లు ఎవరికీ నోరు తిరగలేదు, పరీక్షలో ఒకదానికి ఒకటి రాసేవాళ్ళం. దానికి సారు చెప్పిన కిటుకు మన తెలుగు అక్షరాల్లోనే ఉంది. స్టాలక్టైట్‌లో 'క' ఉంది కాబట్టి అది కప్పు నుంచి దిగేది. స్టాలగ్మైట్‌లో 'గ' ఉంది కాబట్టి అది గచ్చు నుంచి లేచేది. నాకు తెలిసి ఇంతకంటే మంచి కిటుకు ఏ భాషలోనూ ఉండదు.

ఆ సంక్రాంతి తరువాత సారు మమ్మల్ని లారీలో యాగంటికి తీసుకువెళ్ళారు, తిరుగు దారిలో మేము పట్టుబడితే బెలుం దగ్గర కూడా ఆపించారు. అప్పటికి లోపల దీపాలు లేవు, మెట్లు లేవు. చదునైన చేల నడుమ బావుల్లా నోరు తెరిచిన గుంతలు మాత్రమే ఉండేవి, వాటిలో చుట్టుపక్కల చెత్త కూడా పడి ఉండేది. ఆడపిల్లలను చెట్టు కింద నిలబెట్టి, మగపిల్లలను ఒకరి చేయి ఒకరు పట్టుకొమ్మని, పైనుంచి తొంగిచూడనిచ్చారు తప్ప ఒక్క అడుగు కూడా దిగనివ్వలేదు. 1982, 83 సంవత్సరాల్లో గెబావర్ నాయకత్వంలో జర్మనీ వాళ్ళు వచ్చి తాళ్ళతో దిగి ఈ బిలాన్ని కొలిచి మ్యాపు గీశారనీ, అంతకు దాదాపు వందేళ్ళ ముందే, 1884లో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడనీ ఆయన చెబుతుంటే, పక్కనే ఉండి మనం చూడనిది ఎక్కడివాళ్ళో వచ్చి చూసి పోయారే అని మాకు ఉక్రోషం వచ్చింది.

రాష్ట్ర పర్యాటక శాఖ దీపాలు పెట్టి, దారులు వేసి, 2002లో గుహను జనానికి తెరిచింది. అప్పటికి నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరాను. పండగకు ఊరికి వచ్చిన ప్రతిసారీ, పక్కనే కదా, మరోసారి చూద్దాంలే అనుకోవడంతోనే ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత నాలాంటి వాళ్ళను చూసి పుట్టిందే. సంచిక కమిటీ వారు బడి జ్ఞాపకం ఒకటి రాయమని అడిగినప్పుడు, 2024 సంక్రాంతి సెలవుల్లో మా కుటుంబం గడిపిన ఒక రోజే నాకు మొదట తలపుకొచ్చింది. అది బడి జ్ఞాపకం ఎలా అవుతుందో చదివితే మీకే తెలుస్తుంది. సారు కూడా ఈ సంచిక చదువుతారని చెప్పారు గనుక అంకెలన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసుకొని రాస్తున్నాను.

నిజానికి కనుమ నాడే బయలుదేరాలనుకున్నాము. "కనుమ నాడు కాకి కూడా కదలదు, మీరెక్కడికిరా?" అని మా అమ్మ అడ్డుపడింది. మరునాడు తెల్లవారక ముందే అమ్మ, నా భార్య, ఏడో తరగతి చదివే మా అమ్మాయి, రెండో తరగతి పిల్లవాడు, మా అక్క కొడుకు, అందరం ఒకే కారులో ఇరుక్కొని బయలుదేరాము. బనగానపల్లె దాటి యాగంటి కొండల్లోకి తిరిగేసరికి పొద్దు పొడిచింది.

కాకి మాట అమ్మ ఎత్తింది గానీ, యాగంటిలో అసలు కాకులే ఉండవు. అగస్త్యుడి తపస్సును చెడగొట్టిన కాకాసురుణ్ణి ఆయన శపించడం వల్ల కాకులు ఆ ఛాయలకు రావని స్థల పురాణం. మా వాడికి ఈ సంగతి చెప్పగానే, ఇడ్లీ ముక్కను గోడ మీద పెట్టి కాకి వస్తుందేమోనని కాపలా కూర్చున్నాడు. కాకి రాలేదు, కోతి వచ్చింది; ఇడ్లీ ముక్కనే కాక నా భార్య చేతిలోని పులిహోర డబ్బాను కూడా పట్టుకుపోయింది. ఆ ముని శాపమేదో కోతులకు కూడా పెట్టి ఉంటే బాగుండేదని ఆమె చాలాసేపు విసుక్కుంది. నంది నోటి నుంచి కొండ నీళ్ళు ఎప్పుడూ పడుతూ ఉండే పుష్కరిణిలో కాళ్ళు కడుక్కొని, అగస్త్య గుహకు నిటారుగా ఉన్న మెట్లు ఎక్కాము. పిల్లలు పరుగున ఎక్కారు. నేను మధ్యలో రెండుసార్లు ఆగి శిల్పాన్ని పరిశీలిస్తున్నట్టు నటించాను.

యాగంటి బసవన్న పెరుగుతున్నాడని మన వైపు నమ్మని వారు లేరు. కలియుగాంతంలో ఆయన లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో ఉందని చిన్నప్పటి నుంచీ విన్నదే. లారీలో వచ్చిన నాడు నేను, "నిజంగా పెరుగుతాడా సార్?" అని అడిగితే, సారు అవుననీ కాదనీ అనకుండా, "ఇరవై ఏళ్ళకు ఒక అంగుళమని చెబుతారు. నువ్వు ముప్పై ఏళ్ళ తరువాత నీ పిల్లల్ని తీసుకొని వచ్చి చూసి నాకు చెప్పు," అన్నారు. సరిగ్గా ముప్పై ఒక్క ఏళ్ళకు పిల్లలను తీసుకొని ఆ నంది ముందు నిలబడ్డాను. లెక్క ప్రకారం అంగుళంన్నర పెరిగి ఉండాలి. కొలిచి పెట్టుకోని వాడికి ఆ అంగుళంన్నర ఎలా కనిపిస్తుంది? అమ్మ మాత్రం, తాను పెళ్ళైన కొత్తలో వచ్చినప్పుడు బసవన్న చుట్టూ ప్రదక్షిణ చేశాననీ, ఇప్పుడు స్తంభాలకూ ఆయనకూ నడుమ మనిషి పట్టే సందు ఎక్కడుందో చూపించమనీ అంది. సార్, నా నివేదిక ఇంతే.

అవుకు మీదుగా కొలిమిగుండ్ల దాటి బెలుం చేరేసరికి ఎండ ముదిరింది. బొర్రా గుహల్లాగా కొండలోకి నడిచి వెళ్ళేది కాదు ఇది. శనగ చేల మధ్య నేలలోకి దిగాలి. అమ్మ మోకాళ్ళకు ఆ మెట్లు సరిపడవు గనుక పైన చెట్టు నీడన కూర్చుంది. నేను మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఒక క్షణం ఆగాను. చిన్ననాడు తొంగిచూసిన గుంత ఇదే కావాలి. ఇప్పుడు ఇనుప కమ్మీలు, దీపాలు, టికెట్టు చూసే మనిషి.

గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు; అందులో దాదాపు సగం మేర జనం నడవవచ్చు. లోపల చల్లగా ఉంటుందనుకొని అమ్మాయికి స్వెట్టరు వేయించిన మా ఆవిడ పది నిమిషాల్లోనే దానిని విప్పించింది. అంత ఉక్క. గోడలను నిమిరితే ఏటి ఒడ్డున నీళ్ళకు అరిగిన బండలంత నునుపు. ఒకప్పుడు ఈ దారుల నిండా నీళ్ళు పారాయని ఎవరూ చెప్పనక్కరలేదు, అరచేతికే తెలుస్తుంది. సింహం తలలా కనిపించే రాతి తోరణం కింద నుంచి వంగి వెళితే, శివలింగాలు గుంపుగా మొలిచినట్టుండే కోటిలింగాలు, పడగలు విప్పిన నాగుల్లా కప్పు నుంచి దిగిన వేయి పడగలు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. అమ్మాయి పైకి చూపించి, "ఇవి స్టాలగ్మైట్లా నాన్నా?" అంది. "అవి కప్పు నుంచి దిగాయి కదా, 'క' ఎందులో ఉందో చూడు," అన్నాను. ఆమె పెదవులు కదిపి అక్షరాలు కూడబలుక్కొని, "లక్టైట్!" అని అరిచింది. ఆ అరుపు గుహలో ఎంత దూరం పోయిందో గానీ, ముందు నడుస్తున్న గుంపంతా వెనక్కి తిరిగి చూసింది.

సప్తస్వరాల గుహలో గైడు వేలి కణుపులతో రాతి కొమ్ములను మెల్లగా తట్టాడు. ఒకటి కంచు గంటలా మోగింది, దాని పక్కది ఖాళీ బిందెలా మోగింది, మూడోది మోగనే లేదు. "ఇది మాత్రం అలిగింది సార్," అన్నాడతను నవ్వకుండా. పాతాళగంగకు దిగే దారి ఇరుకు. ప్రవేశ మట్టానికి 46 మీటర్ల లోతున, గుహలో అన్నిటికంటే అడుగున, సన్నని నీటిపాయ ఒకటి రాళ్ళ సందున కనిపించి మళ్ళీ నేలలోకి మాయమవుతుంది. పిల్లలు ఉడుతల్లా జారిపోయారు గానీ, ఒక మలుపులో నాకు గోడకూ గోడకూ మధ్య పొట్ట పట్టేసింది. మా అక్క కొడుకు వెనుక నుంచి, "మామా, గాలి వదిలెయ్, గాలి వదిలెయ్," అని సలహా ఇచ్చాడు. తొమ్మిదో తరగతిలో ఉన్న నడుముతోనే ఇక్కడికి దిగి ఉంటే ఎంత బాగుండేదో! నీటి దగ్గరికి చేరాక ఎవరమూ మాట్లాడలేదు. చెవి ఒగ్గితే సన్నగా చప్పుడు వినిపిస్తోంది. చుక్క ఆమ్లంతో సారు చూపిన పని ఇంకా జరుగుతూనే ఉంది.

పైకి వచ్చాక నిమ్మసోడా తాగుతూ నాపరాయి మచ్చ కథ పిల్లలకు చెప్పాను. నిమ్మకాయ కూడా పులుపే కదా, దానితో రాయి పొంగదా అని అమ్మాయి అడిగింది. వెంటనే గుహ గోడ మీద పిండి చూస్తానంటే గట్టిగా కోప్పడ్డాను. సోడా బండి అతను ఇచ్చిన రెండు నిమ్మకాయలను ఆమె బ్యాగులో వేసుకుంది.

గండికోట చేరేసరికి పొద్దు వాలుతోంది. మాధవరాయ ఆలయాన్నీ, జామియా మసీదునూ త్వరత్వరగా చూసి, పెన్న లోయ అంచుకు నడిచాము. ఎర్రమల కొండలను నది నిలువునా కోసుకొని పోయిన గండి అది, ఊరి పేరులోనే ఉంది. అంచున కమ్మీ లేని బండల మీద మా వాడి చొక్కా కాలరు వదలకుండా నేను కూర్చుంటే, అమ్మాయి వెనుకనున్న ఎర్రరాతిని గీకి నిమ్మకాయ పిండింది. ఏమీ కాలేదు. మళ్ళీ పిండింది. రసం ఊరికే కారిపోయింది. "ఈ రాయి చెడిపోయింది," అంది. ఇది సున్నపురాయి కాదనీ, దీనిని నీళ్ళు కరిగించలేక కోసుకొని పోయాయనీ చెప్పాను గానీ ఆమెకు నచ్చినట్టు లేదు.

రాత్రి తొమ్మిది దాటాక ఊరు చేరాము. అమ్మ వంటింట్లో రసం వెచ్చబెడుతుంటే, అమ్మాయి పొయ్యి పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చొని, మేకుతో బండను గీకి, మిగిలిన నిమ్మకాయను పిండింది. తల వంచి చూస్తే, గీత వెంబడి ఆవగింజల కంటే చిన్న బుడగలు లేచి చిట్లుతున్నాయి. "నాన్నా, పొంగింది!" అని ఆమె కేక వేసే లోపే అమ్మ గరిటెతో సహా వచ్చింది.

"నాపరాయి మీద నిమ్మకాయ పిండుతారా ఎవరైనా? మచ్చ పడితే మళ్ళీ పోదే తల్లీ!"