వరుసగా ఉన్నవాటికి ఏ లెక్క వేయాలి?

అనంతపురం వైపు బోరు మోటారు కొనడానికి వెళ్లిన రైతు దుకాణంలో తప్పకుండా అడిగే మాట, "ఎన్ని స్టేజీలది?" అన్నది. సబ్‌మెర్సిబుల్ పంపును విప్పి చూస్తే అరచేతిలో ఇమిడేంత ఇంపెల్లర్లు, అంటే నీటిని తిప్పి నెట్టే రెక్కల చక్రాలు, ఒకే ఇరుసు మీద ఒకదానిపై ఒకటి కూర్చుని కనిపిస్తాయి. ఒక ఇంపెల్లరు, దాన్ని చుట్టి ఉండే బౌలు కలిసి ఒక స్టేజీ. కింది స్టేజీ నెట్టిన నీటిని పై స్టేజీ అందుకొని, దానికి మరికొంత ఒత్తిడిని చేర్చి, ఆ పైదానికి అప్పగిస్తుంది. ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేటప్పుడు, వరుసలో అమర్చిన భాగాల పాఠం వచ్చినప్పుడల్లా, నేను విద్యుత్ నిరోధాల కంటే ముందు ఈ పంపు గురించే చెబుతాను. వరుస వ్యవస్థలకు వేయవలసిన ముఖ్యమైన లెక్కలన్నీ ఒక్క బోరు దగ్గరే దొరుకుతాయి.

కొన్ని భాగాలు వరుసగా ఉన్నాయని తెలిసినంత మాత్రాన ఏ లెక్క వేయాలో తేలిపోదు. మనం దేన్ని గురించి అడుగుతున్నామో దాన్నిబట్టి ఒకే వరుసకు ఒకచోట కూడిక, ఒకచోట గుణకారం, ఇంకొకచోట అన్నింటిలోకీ చిన్నదాన్ని ఎంచుకోవడం సరైన లెక్క అవుతాయి. ఈ తేడా పట్టుబడితే మిగిలినదంతా ఏడో తరగతి లెక్కలతోనే సాగిపోతుంది.

ముందు కూడిక సంగతి చూద్దాం. ఒక్కో స్టేజీ 8 మీటర్ల ఎత్తుకు నీటిని నెట్టగలదనుకుంటే 18 స్టేజీలు 144 మీటర్ల ఎత్తుకు నెడతాయి. ఎత్తులు కూడుకుంటాయి, నీటి పరిమాణం మాత్రం కూడుకోదు. మొదటి స్టేజీలోంచి సెకనుకు రెండున్నర లీటర్లు పోతుంటే చివరి స్టేజీలోంచి పోయేదీ ఆ రెండున్నర లీటర్లే. స్టేజీలు ఎక్కువుంటే నీళ్లు ఎక్కువ పోస్తుందనే నమ్మకం చాలామందిలో ఉంది కానీ, స్టేజీలు పెరిగితే పెరిగేది నీరు ఎక్కగల ఎత్తు. నీటిమట్టం లోతుకు పోయిన బోరులో స్టేజీలు పెంచడం వల్ల నీళ్లు మెరుగుపడినట్టు కనిపించేది కూడా, అప్పటిదాకా చాలకుండా ఉన్న ఎత్తు ఇప్పుడు సరిపోయినందువల్లే.

అదే బోరులో కరెంటు ఎంత ఖర్చవుతోందని అడిగితే కూడిక పనికిరాదు. స్తంభం నుంచి వచ్చిన విద్యుత్తు కేబులు దాటాలి, మోటారును తిప్పాలి, మోటారు పంపును తిప్పాలి, పంపు నెట్టిన నీరు పైపులో రాపిడిని తట్టుకొని పైకి రావాలి. ప్రతి దశా తనకు అందినదాంట్లో ఒక భాగాన్నే ముందుకు పంపుతుంది కాబట్టి ఇక్కడ గుణించాలి. కేబులు 0.95, మోటారు 0.80, పంపు 0.65, పైపు 0.85 చొప్పున పంపుతాయనుకుంటే నాలుగింటి లబ్ధం 0.42. ఏ భాగాన్నీ విడిగా చూసి మరీ పనికిమాలినదని అనలేం, అయినా సగానికి మించిన కరెంటు దారిలోనే ఆవిరైపోతోంది.

ఈ లెక్కను సరిచూసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. రెండు వందల లీటర్ల డ్రమ్మును పైపు కింద పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడాలి. 80 సెకన్లు పట్టిందంటే సెకనుకు రెండున్నర లీటర్లు. నీరు 120 మీటర్ల లోతు నుంచి, అంటే మన లెక్కలో సుమారు నాలుగు వందల అడుగుల నుంచి వస్తుంటే, ఆ నీటిని ఎత్తడానికి కనీసంగా కావలసిన శక్తి 2.5, గురుత్వ త్వరణం 9.81, ఎత్తు 120 ఈ మూడింటి లబ్ధం, అంటే 2,943 వాట్లు. మోటారు నడుస్తున్నప్పుడు మీటరు 7 కిలోవాట్లు చూపిస్తుంటే ఆ రెండింటి నిష్పత్తి 0.42. పై లెక్క నాలుగు భాగాలను విడివిడిగా ఊహించి గుణిస్తే, డ్రమ్ము మొత్తాన్ని ఒకేసారి కొలిచి ఇస్తుంది. రెండూ పొసగకపోతే మన ఊహల్లో ఒకటి తప్పని అర్థం, అప్పుడు వెతకడం మొదలుపెట్టవచ్చు.

గుణకారంలో గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. కేబులును ఎంత మంచిది వేసినా 0.95 నుంచి 1 దాకా పోవడం తప్ప దారి లేదు, అంటే మొత్తం మీద ఐదు శాతానికి కాస్త పైగా మెరుగు. అరిగిన ఇంపెల్లర్లను మార్చి పంపును 0.65 నుంచి 0.72కు తెస్తే దాదాపు పదకొండు శాతం మెరుగు. ఖర్చు ఎక్కడ పెట్టాలన్నది ఈ చిన్న భాగహారమే చెబుతుంది.

మూడో లెక్క బోరుకే సంబంధించినది. పంపు సెకనుకు రెండున్నర లీటర్లు తోడగలిగినా, రాతి పొరల్లోంచి బోరులోకి ఊరే నీరు ఒకటిన్నర లీటరే అయితే పొలానికి అందేది ఒకటిన్నర లీటరే. కాసేపు ధారగా పోసి, తర్వాత గాలి పీలుస్తూ ఆగి ఆగి పోసే బోర్లు మన ప్రాంతంలో చూడనివారు ఉండరు. అలాంటిచోట పంపును మార్చినా, పైపును మార్చినా, స్టేజీలు పెంచినా ఫలితం శూన్యం. రెండింటిలో చిన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తున్నప్పుడు పెద్దదాని మీద పెట్టిన ప్రతి రూపాయీ వృథా అవుతుంది. బోర్ల మీద అప్పులపాలైన కుటుంబాలను తలచుకుంటే, ఈ ఒక్క లెక్కనైనా మన బడిపుస్తకాల్లో పొలం ఉదాహరణతో చెప్పవలసిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇప్పుడు ఇంతకంటే చాలా పెద్ద వరుసకు వద్దాం. హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకం మొదటి దశలో నందికొట్కూరు దగ్గరి మల్యాల వద్ద శ్రీశైలం జలాశయపు నీటిని ఎత్తి, దాదాపు 216 కిలోమీటర్ల కాలువ వెంట ఎనిమిది లిఫ్టుల (నీటిని పైకి ఎత్తే పంపింగు కేంద్రాల) మీదుగా అనంతపురం జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి చేరుస్తారు. 120 రోజుల్లో 40 టీఎంసీల కృష్ణా వరద నీటిని తీసుకోవాలన్నది పథకం ఉద్దేశం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, రోజుకు 86,400 సెకన్లు. నాలుగు వేల కోట్లను 120 రోజుల సెకన్లతో భాగిస్తే సెకనుకు 3,858 ఘనపుటడుగులు, అంటే 3,858 క్యూసెక్కులు వస్తాయి. ఈ పథకం గురించి ఎప్పుడు మాట్లాడినా వినిపించే 3,850 క్యూసెక్కుల సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎనిమిది లిఫ్టుల వరుసలో జీడిపల్లికి అందే నీటిని అన్నింటిలోకీ తక్కువ ఎత్తగలిగిన లిఫ్టే నిర్ణయిస్తుందని వెంటనే అనిపిస్తుంది. అది స్థూలంగా నిజమే కానీ, దారిలో నీరు తగ్గుతుందన్న సంగతిని అందులో కలపాలి. ఒక లిఫ్టుకూ తర్వాతి లిఫ్టుకూ మధ్య నూటికి రెండున్నర వంతు ఇంకి, ఆవిరై పోతుందనుకుందాం. ఇది నేను లెక్క కోసం వేసుకున్న ఊహ మాత్రమే. మొదటి లిఫ్టు 3,850 క్యూసెక్కులు ఎత్తితే ఎనిమిదో లిఫ్టు దగ్గరకు చేరేసరికి 0.975ను ఏడుసార్లు గుణించినంత, అంటే సుమారు 3,225 క్యూసెక్కులే మిగులుతాయి. కాబట్టి ఎనిమిదో లిఫ్టు సామర్థ్యం 3,300 మాత్రమేనని ఎవరైనా చెబితే కంగారు పడవలసిన పని లేదు, మూడో లిఫ్టు 3,300 అయితే మాత్రం అక్కడే నీరు ఆగుతుంది. ఎక్కడ ఇరుకుందో తెలుసుకోవాలంటే యంత్రాల పలకల మీద రాసి ఉన్న సామర్థ్యాలను పక్కపక్కన పెట్టి పోల్చడం చాలదు. ప్రతి చోటుకూ నిజంగా చేరే నీటితో అక్కడి సామర్థ్యాన్ని పోల్చాలి.

ఈ తగ్గుదలకు ఇంకొక ముఖం ఉంది. ప్రతి లిఫ్టూ సమానమైన ఎత్తుకే నీటిని ఎత్తుతుందనుకుంటే, మొదటి లిఫ్టు దాటాక ఇంకిపోయిన నీటి మీద ఒక వంతు కరెంటే ఖర్చయి ఉంటుంది, ఎనిమిదో లిఫ్టు దాటాక ఇంకిన నీటి మీద ఎనిమిది వంతులు ఖర్చయి ఉంటాయి. మొదటి భాగంలో పోయేది 96 క్యూసెక్కులు, చివరి భాగంలో పోయేది 81 క్యూసెక్కులు. నీటి లెక్కలో మొదటిదే పెద్ద నష్టం. కరెంటు లెక్కలో మాత్రం చివరి భాగపు నష్టం మొదటిదానికి ఆరున్నర రెట్లకు పైగా ఉంటుంది. మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు నీటి లెక్క ఒక జవాబు చెబితే కరెంటు లెక్క దానికి పూర్తిగా ఎదురు జవాబు చెబుతుంది. ఇంకిన నీరంతా నష్టమేనని నేను అనడం లేదు. కాలువ గట్టు వెంట బోర్లున్న రైతుకు ఆ ఇంకిన నీరే ఆధారం, కాలువకు లైనింగు (నీరు ఇంకకుండా వేసే కాంక్రీటు పూత) వద్దని వాళ్లు పట్టుబట్టడానికి కారణమూ అదే. ఏ గీత దగ్గర నిలబడి కొలుస్తున్నామో ముందే చెప్పకుండా నష్టమనే మాట వాడకూడదు.

కాలానిది మళ్లీ కూడిక లెక్కే. నీరు సెకనుకు 70 సెంటీమీటర్లు నడుస్తుందనుకుంటే 216 కిలోమీటర్లకు మూడున్నర రోజులు పడుతుంది, ఒక్కో భాగానికి పట్టే సమయాలను కూడితే చాలు.

లిఫ్టులు ఆగిపోవడం గురించి మాత్రం కాస్త నిదానంగా ఆలోచించాలి. ఒక్కో లిఫ్టు వంద గంటల్లో 98 గంటలు నడుస్తుందని, ఒకటి ఆగడానికీ ఇంకొకటి ఆగడానికీ సంబంధం లేదని, మధ్యలో నీరు నిలిపే చోటేదీ లేదని అనుకుందాం. అప్పుడు ఎనిమిదీ ఒకేసారి నడిచే సమయం 0.98ను ఎనిమిదిసార్లు గుణించినంత, అంటే 0.85. ఒక్కొక్కటి ఎంతో చక్కగా నడుస్తున్నట్టు కనిపిస్తున్నా 120 రోజుల్లో 18 రోజులు వరుస మొత్తం ఆగి ఉంటుంది. 40 టీఎంసీల్లో దాదాపు ఆరు టీఎంసీలు పోతాయి. కరెంటు పోయి అన్నీ ఒకేసారి ఆగితే ఈ గుణకారం చెల్లదు, అప్పుడు నష్టం నూటికి రెండే. అంటే అన్నీ కలిసి ఆగడం కంటే విడివిడిగా ఆగడం వరుసకు ఎక్కువ హాని చేస్తుంది.

మధ్యలో జలాశయాలుంటే లెక్క స్వభావమే మారిపోతుంది. ఒక లిఫ్టు ఆరు గంటలు ఆగిందనుకుందాం. 3,850 క్యూసెక్కుల చొప్పున ఆ ఆరు గంటల్లో వచ్చి పడే నీరు 8.3 కోట్ల ఘనపుటడుగులు, అంటే 0.083 టీఎంసీ. అంత ఖాళీ దానికంటే ముందు వచ్చే జలాశయంలో ఉంటే ముందటి లిఫ్టులను ఆపవలసిన పని లేదు. అంత నీరు దాని తర్వాత వచ్చే జలాశయంలో ఉంటే తర్వాతి లిఫ్టులూ ఆగవు. ఆగిన లిఫ్టు మళ్లీ మొదలయ్యాక కొంత అదనంగా ఎత్తగలిగితే ఆగినప్పటి లోటూ పూడుతుంది. ప్రతి రెండు లిఫ్టుల మధ్యా సరిపడా నిల్వ ఉందనుకుంటే ఎనిమిదింటిని గుణించనవసరం లేదు, చిన్నదాన్ని చూస్తే చాలు, 0.85 కాస్తా 0.98 అవుతుంది. కృష్ణగిరి, పత్తికొండ వంటి జలాశయాలు ఈ వరుసలో కొన్ని చోట్లే ఉన్నాయి కాబట్టి నిజం ఈ రెండు సంఖ్యల మధ్య ఎక్కడో ఉంటుంది. ఇలాంటి జలాశయాన్ని చుట్టుపక్కల ఆయకట్టుతోనే విలువ కట్టడం అలవాటుగా వస్తోంది. వరుస మొత్తానికి అది మిగిల్చే నీటిని కూడా దాని పద్దులో రాయాలి. అయితే నిండిపోయిన జలాశయం ముందటి లిఫ్టుకు ఏ సాయమూ చేయలేదు, ఎండిపోయినది తర్వాతి లిఫ్టుకు ఏ సాయమూ చేయలేదు. ఎప్పుడూ నిండుగా కనబడాలని కోరుకునే మనకు రుచించకపోయినా, పంపింగు సాగే నెలల్లో అది సగం నిండి ఉండడమే వరుసకు మేలు.

తీసివేత లెక్కతో నడిచే వరుసలు కూడా మన జిల్లాల్లో పాతకాలం నుంచీ ఉన్నాయి, అవే గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మరవ (అలుగు) పారితేనే కింది చెరువుకు నీరు. రెండు, మూడు, రెండున్నర, నాలుగు కోట్ల ఘనపుటడుగులు పట్టే నాలుగు ఖాళీ చెరువులు ఒక వంక (వాగు) మీద ఉన్నాయనుకుందాం. వానకు పది కోట్లు వస్తే పై మూడూ ఏడున్నర తీసుకోగా నాలుగోదానికి రెండున్నర మిగులుతుంది. మరుసటి ఏడు వచ్చే నీరు ఇరవై శాతం తగ్గి ఎనిమిది కోట్లయితే నాలుగోదానికి దక్కేది అరకోటి. అక్కడి తగ్గుదల ఇరవై శాతం కాదు, ఎనభై శాతం. అదే ఏడు ఎగువన అరవై లక్షలు నిలిపే చెక్‌డ్యాములు కట్టి ఉంటే నాలుగో చెరువుకు చుక్క రాదు, మూడో చెరువు కూడా మరవ పారదు. పూడిక తీసి మొదటి చెరువును రెండు కోట్ల నుంచి మూడు కోట్లకు పెంచినా నాలుగోదానికి అదే గతి పడుతుంది. చివరి చెరువులో పూడిక తీస్తే ఈ వరుసలో ఎవరి నీరూ తగ్గదు. అందుకే ఒక వంక మీది చెరువులన్నింటికీ డబ్బు ఒకేసారి రాని పరిస్థితిలో, పై ఊళ్ల ఆయకట్టు మరీ దెబ్బతిన్నచోట తప్ప, పూడికతీత పని కింది చెరువు నుంచి పైకి సాగాలని నేను అంటాను.