బాటమ్ హౌస్ భోజనాలు

డిసెక్షన్ హాలు గురించి, పరీక్షల టెన్షన్ గురించి, వైవాలో నోరు పెగలని రోజుల గురించి ఈ సంచికలో మనవాళ్లు చాలామందే రాస్తారు. దక్షిణ అమెరికాలో ఉన్న గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లో మెడిసిన్ చదువుతూ మనం తిన్న తిండి గురించి మాత్రం ఎవరూ రాయరేమోనని నా అనుమానం. అక్కడున్నన్నాళ్లూ దాన్ని తిట్టుకుంటూ తిన్నాం కదా మరి! ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపులో ఏ అర్ధరాత్రో ఎవరికైనా గయానా మీద మనసు మళ్లిందంటే ముందు పడేది పైన్ టార్ట్ అనే అనాసపండు మిఠాయి ఫోటోనే. ఫార్మకాలజీ నోట్సు ఫోటో ఇంతవరకూ ఒక్కరూ పెట్టలేదు.

మొదటి ఏడాది సంగతి మీ అందరికీ తెలిసిందే. పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, ఇంగువ డబ్బా. సోనా మసూరి దొరకదని ఏడుపు. రెండో ఏడు మేం నలుగురు అమ్మాయిలం హాస్టల్ వదిలి ఊళ్లోనే కిట్టీ అనే పేటలో ఒక ఇంటి పై వాటా అద్దెకు తీసుకున్నాం. ఇంటావిడ వెనక వాటాలో ఉండేది. ఆ దేశంలో పెద్దవాళ్లందరూ ఆంటీలే, అంకుల్‌లే కాబట్టి ఆవిడ కూడా ఆంటీయే. ఆవిడకు మేమంతా బేటీలం. పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు.

ఆ ఇంటి నేల భాగం గురించి చెప్పాలి. సముద్రం పోటు మీదున్నప్పుడు జార్జ్‌టౌన్ ఊరు నీటిమట్టం కంటే కిందే ఉంటుంది. డచ్చివాళ్ల కాలం నాటి కాలవలు, కోకర్ అని పిలిచే తూములు, సముద్రాన్ని ఆపే సీ వాల్ గోడ, వీటి పుణ్యాన నిలబడ్డ ఊరు అది. అందుకే పాత చెక్క ఇళ్లన్నీ స్తంభాల మీద లేచి ఉంటాయి. ఆ స్తంభాల మధ్య ఖాళీని బాటమ్ హౌస్ అంటారు. ఒక ఊయల, ఒక పొడుగు బెంచీ, పెద్ద వంటలకు మూలనొక పొయ్యి. మా చదువులూ, పోట్లాటలూ, బట్టలారేయడాలూ అన్నీ అక్కడే. ఆంటీ వంట కూడా చాలావరకు అక్కడే.

ఆవిడ పుట్టిల్లు బెర్బీస్ వైపు, చెరుకు తోటల ఊరు. 1838 నుంచి 1917 దాకా మన దేశం నుంచి దాదాపు 2,39,000 మందిని కూలి ఒప్పందాల మీద ఓడల్లో గయానా తీసుకెళ్లారు. ఎక్కువమంది కలకత్తాలో ఓడ ఎక్కినవాళ్లు, భోజ్‌పురీ, అవధీ మాట్లాడేవాళ్లు. కొంతమంది మద్రాసు రేవు నుంచి వెళ్లారు, వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ వాళ్లందరికీ కలిపి మద్రాసీలని ఒకటే పేరు. నాగముట్టూ, వీరసామీ, పెరుమాళ్ లాంటి పేర్లు ఇప్పటికీ వినిపిస్తాయి. మోజెస్ నాగముట్టూ 2015 నుంచి 2020 దాకా ఆ దేశానికి ప్రధానమంత్రి. మా ఆంటీ తండ్రివైపు కలకత్తా, తల్లివైపు మద్రాసు. పెరట్లో కరివేపాకు చెట్టుండేది. అది అమ్మ ఇంటి నుంచి తెచ్చిన మొక్క అని గొప్పగా చెప్పేది. మేం అద్దెకు దిగడానికి అసలు కారణం ఆ చెట్టేనని నా అభిప్రాయం. మిగతా ముగ్గురు ఒప్పుకోరు.

రోజువారీ తిండి పప్పూ అన్నమే. అయితే కందిపప్పు కాదు, పసుపు బఠాణీ పప్పు. దాన్ని మెత్తగా ఉడకబెట్టి, కవ్వంలాంటి చెక్క గుత్తితో చిలికి, తాగేటంత పల్చగా చేసేది. పైన వెల్లుల్లి, జీలకర్ర తాలింపు. వెల్లుల్లి ఎర్రబడగానే మనం దించేస్తాం. ఆవిడ అది దాదాపు నల్లబడేదాకా ఆగి, చుంయ్‌మని పప్పులో పోసి, వెంటనే మూత పెట్టేసేది. మొదట్లో మా కడప అమ్మాయి దాన్ని పప్పు అని ఒప్పుకోలేదు, చారు అంది. చారనే పేరు పెట్టుకుని రెండు గ్లాసులు తాగేది. పక్కన ఒకరోజు బోరా, అంటే మన పొడుగు అలసంద కాయలు, ఇంకోరోజు తోటకూర, కాకర, మునగ, చామదుంప. బూర్డా మార్కెట్లో ఇవన్నీ కుప్పలు పోసి ఉంటాయి. ఏ దేశంలో ఉన్నామో మర్చిపోయి బేరం ఆడేవాళ్లం.

కారానికి మాత్రం మన మిరపకాయ పనికిరాదు. విరివిరి అని చిన్న రేగుపండంత ఎర్రని మిరప. గుండ్రంగా, బుజ్జిగా ఉంటుంది, వాసన బ్రహ్మాండం. గుంటూరు పిల్లనని పళ్లెంలో ఉన్నదాన్ని ఒకటి అలాగే నమిలాను. తర్వాత జరిగింది చెప్పను.

రొట్టెల రోజు ఇంట్లో చప్పట్లు వినిపించేవి. పెనం మీద నుంచి తీసిన వేడివేడి రొట్టెను రెండు చేతుల మధ్య ఎగరేసి కొడితే పొరలు పొరలుగా విడిపోతుంది. చేతులు కాలవా అంటే, వంట చేసిన చేతులకు కాలడం ఏమిటి అనేది. దాల్ పూరీ ఇంకా పెద్ద పని. ఉడికించిన బఠాణీ పప్పును జీలకర్రతో పొడిపొడిగా రుబ్బి, పిండిలో పెట్టి పల్చగా ఒత్తి కాల్చాలి. పని తీరు అచ్చం బొబ్బట్టుదే, బెల్లం ఒక్కటే ఉండదు. దాన్ని కోడి కూరలో ముంచుకు తింటే మధ్యాహ్నం క్లాసుకు వెళ్లడం కల్ల.

ఈ రొట్టెల వెనక ఒక కథ ఉంది. 1980ల మొదట్లో అధ్యక్షుడు ఫోర్బ్స్ బర్న్‌హామ్, విదేశీ మారకం లేదని, దేశంలో పండేదే తినాలని, గోధుమపిండి దిగుమతి ఆపేశాడు. బఠాణీ పప్పు, బంగాళాదుంప కూడా ఆ జాబితాలోవే. పిండి దగ్గరుంటే పోలీసులు పట్టుకునేవాళ్లు. కొరెంటైన్ నది దాటి పక్కదేశం సురినామ్ నుంచి దొంగచాటుగా వచ్చేది. పెళ్లికి రొట్టెలు లేకుండా ఎలా అని ఆడవాళ్లు బియ్యప్పిండితో తంటాలు పడేవాళ్లట. ఒత్తితే విరిగేది, కాలిస్తే గట్టిపడేది. 1985లో బర్న్‌హామ్ పోయి, డెస్మండ్ హోయ్ట్ అధ్యక్షుడయ్యాక గానీ పిండి మళ్లీ రాలేదు. ఆంటీ డబ్బాలో పిండి ఎప్పుడూ నిండుగా ఉండటానికి కారణం అప్పుడు అర్థమైంది. సగానికి వస్తే చాలు ఆవిడకు కంగారు. మన దగ్గర ఈ విషయం ఎవరికీ తెలియదు. వెస్టిండీస్ అంటే మనకు క్రికెటే.

పక్కింట్లో ఒక ఆఫ్రికన్ గయానీస్ పెద్దావిడ ఉండేది, వీధి మొత్తానికీ గ్రానీ. కుకప్ రైస్ రుచి ఆవిడ చేతిది. అలసందలు, బియ్యం, కొబ్బరిపాలు, థైమ్ అనే వాసన ఆకు, ఉప్పులో ఊరిన మాంసం, ఏది ఉంటే అది, అన్నీ ఒకే గిన్నెలో. శనివారం వంట అది. డిసెంబర్ 31 రాత్రి మాత్రం తప్పనిసరి. కొత్త సంవత్సరం వచ్చే వేళకు పొయ్యి మీద కుకప్ ఉంటే ఏడాదంతా తిండికి లోటుండదని నమ్మకం. పంది మాంసం మాకు పడదేమోనని గ్రానీ మా కోసం కోడితో వేరే గిన్నె పెట్టేది. గయానాలో ఇది మామూలే. ఒకే బాటమ్ హౌస్‌లో హిందువు, ముస్లిం, క్రైస్తవుడు కూర్చుంటారు కాబట్టి ఎవరేం తినరో వండేవాళ్లకు ముందే తెలుసు.

క్రిస్మస్ పొద్దున పెప్పర్‌పాట్. ఇది అక్కడి ఆదివాసుల వంట, ఇప్పుడు అందరిదీ. చేదు కర్రపెండలంలో సయనైడ్ ఉంటుందని మనం టాక్సికాలజీలో చదువుకున్నాం గుర్తుందా? దాన్ని తురిమి, మాటపీ అనే పొడవాటి అల్లిక గొట్టంలో వేసి పిండి, ఆ రసాన్ని గంటలకొద్దీ మరిగిస్తే విషం పోయి నల్లటి చిక్కటి పాకం మిగులుతుంది. అదే కాసరీప్. దాల్చినచెక్క, లవంగం, విరివిరి వేసి మాంసాన్ని అందులో ఉడికిస్తారు. రోజూ ఒకసారి మరగనిస్తే ఫ్రిజ్ అక్కర్లేదు, రోజుల తరబడి పొయ్యి మీదే ఉంటుంది. రోజు గడిచేకొద్దీ రుచి పెరుగుతుంది. జడలా అల్లిన ప్లెయిట్ బ్రెడ్‌తో తుడుచుకుని తినాలి. మైక్రోబయాలజీలో ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్న మా రూమ్మేట్ మొదటి ఏడు ముట్టుకోలేదు. రెండో ఏడు గిన్నె అడుగు గీకింది.

ఇంట్లో పూజైతే పెరట్లో వెదురు కర్రకు జండీ అనే పూజ జెండా ఎగరేసి, తర్వాత సెవెన్ కర్రీ వడ్డించేవాళ్లు. తామరాకులాంటి పెద్ద నీటి ఆకు, మధ్యలో అన్నం, చుట్టూ ఏడు శాకాహార కూరలు. గుమ్మడి, వంకాయ, శనగలూ ఆలూ, మామిడికాయ, ఆకుకూర, కొబ్బరిపాలల్లో వండిన, పనసలాంటి కటహర్. చేత్తో కలుపుకుని తినడం చూసి మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. స్పూను అడిగిన వాళ్లెవరో ఇక్కడ రాయను, ఈ సంచిక వాళ్లమ్మగారు కూడా చదువుతారు.

ఇక తీపి దగ్గరికి వస్తాను, అసలు ఆగాల్సింది ఇక్కడే. డెమెరారా పంచదార పుట్టిన దేశం అది. టీలో, నిమ్మరసంలో, అన్నింట్లో ఆ గోధుమరంగు పంచదారే. నిమ్మరసంలో వేస్తే దాని పేరు స్వాంక్. మాబీ అని చెట్టు బెరడుతో చేసే పానీయం ఒకటుంది, మొదటి గుక్క కషాయం, మూడో గుక్క అలవాటు. బేకరీ అద్దాల వెనక మూడు మూలల పైన్ టార్ట్, లోపల అనాసపండు జామ్. పక్కన ఎర్ర కొబ్బరి చుట్టిన సలారా. దాని పక్కన చైనీస్ కేక్, పైన ఎర్ర బొట్టు, లోపల పంచదార వేసి నూరిన అలసందల పూర్ణం. కూలికి వచ్చిన చైనావాళ్ల చేతి వంట అంటారు. ఇలా నాలుగైదు జాతుల మిఠాయిలు ఒకే ట్రేలో ఉంటే ఇంకెక్కడా చూడలేదు నేను.

హోలీకి, దీపావళికి ఆంటీ గోజా చేసేది. కొబ్బరి, పంచదార, అల్లం వేసిన లోజు నింపి, అర్ధచంద్రాకారంలో మడిచి, అంచు నొక్కి నూనెలో వేయించడం. కజ్జికాయ అని మేం నలుగురం ఒకేసారి అరిచాం. ఆంటీకి మేమెందుకు అరిచామో అర్థం కాలేదు. మరుసటి ఏడు మేమూ అంచులు నొక్కడానికి కూర్చున్నాం. మా అంచులు నూనెలో విడిపోయేవి, ఆవిడవి విడిపోయేవి కాదు. గ్రానీ బ్లాక్ కేక్ మాత్రం నేర్చుకునే ధైర్యం చేయలేదు. ఎండుపళ్లను నెలల ముందే రమ్‌లో నానేసి, మాడిన పంచదారతో నల్లగా చేస్తారు. ఒక ముక్క తిని ఫోన్లో నాన్నతో మాట్లాడాలంటే కాస్త ఆలోచించుకోవాలి.

పొద్దున వార్డులో షుగర్ పేషెంట్లకు తీపి మానేయమని ఉపన్యాసం, సాయంత్రం సీ వాల్ దగ్గర చింతపండు ఉండలు. పంచదార, ఉప్పు, మిరియం కలిపి గుండ్రంగా చేసినవి. ఒకసారి పొద్దున చెప్పిన పేషెంటు ఆవిడే సాయంత్రం అమ్ముతూ కనిపించింది. నవ్వి, రెండు ఉండలు ఎక్కువేసింది.

ఇప్పుడు మా ఇంట్లో కుకప్ నెలకోసారైనా ఉంటుంది. అలసందలకూ కొబ్బరికీ హైదరాబాద్‌లో లోటేముంది! థైమ్ దగ్గర కొన్నాళ్లు తడుముకున్నాను. గ్రానీ కుండీలో మందం ఆకుల థైమ్ అని ఒకటుండేది, అది మన వామాకే. జలుబుకు వాడే మొక్క మా బాల్కనీలోనే ఉంది. ఇప్పుడు రెండాకులు వేస్తే వాసన దగ్గరికి వస్తుంది. మ్యారీడ్ మ్యాన్ పోర్క్ అని పిలిచే తులసిజాతి ఆకు మాత్రం దొరకలేదు. పేరులో తప్ప దానిలో పోర్క్ లేదని మా అత్తగారికి చెప్పడానికి చాలాసేపు పట్టింది.

కాసరీప్‌కు మాత్రం బదులు లేదు. బెల్లం పాకం వేసి చూడమని సలహా ఇచ్చేవాళ్లతో నాకు పేచీ, ఆ చేదూ ఆ నలుపూ బెల్లానికి రావు. న్యూయార్క్‌లో రెసిడెన్సీ చేస్తున్న మనవాళ్లకు ఒక విన్నపం. క్వీన్స్‌లో రిచ్మండ్ హిల్, లిబర్టీ అవెన్యూ మీద గయానా వాళ్ల దుకాణాలున్నాయి, అక్కడ సీసాలు దొరుకుతాయి. రీయూనియన్‌కు వచ్చేటప్పుడు చాక్లెట్లు, సెంట్లు వద్దు. కాసరీప్ రెండు సీసాలు, ప్లాస్టిక్ కవరు చుట్టి, చెకిన్ లగేజీలో పెట్టండి. మాంసం, గిన్నె, పొయ్యి నేను చూసుకుంటాను. ప్లెయిట్ బ్రెడ్ ఎవరు చేస్తారో గ్రూపులో ఇప్పుడే తేల్చండి.