బోరింగు బాగుచెయ్యడానికి ఒక పూట, డబ్బు తేలడానికి ఆరు నెలలు

మా ఆయన ఉద్యోగం వల్ల 2022లో ఆఫ్రికాలోని మలావీ వచ్చాం, రాజధాని లిలోంగ్వేలో కాపురం. ఒంగోల్లో పద్నాలుగేళ్ళు లెక్కల టీచరుగా చేసినదాన్ని, ఖాళీగా కూర్చుంటే ఏం తోచక, సలీమా వెళ్ళే రోడ్డులో గంట ప్రయాణం దూరాన ఒక పల్లెలో లర్నింగ్ సెంటర్ ఉందని తెలిసి వారానికి మూడు రోజులు వెళ్ళడం మొదలుపెట్టాను. సెంటర్ అంటే రెండు ఇటుక గదులు, రేకుల కప్పు, ముందు ఒక మామిడిచెట్టు. పొద్దున చిన్నపిల్లలొస్తారు, మన అంగన్‌వాడీలాగా. వాళ్ళకి ఫాలా అని మొక్కజొన్న పిండి, సోయా పిండి కలిపి కాచిన జావ పోస్తారు. మధ్యాహ్నం ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యూషన్, ఎందుకంటే అక్కడ ప్రైమరీ చదువంటే ఎనిమిదేళ్ళు, చివర్లో దేశమంతటికీ ఒకటే పరీక్ష. 1994 నుంచి ప్రైమరీకి ఫీజు లేదు, బళ్ళు నిండిపోయాయి, టీచర్లు సరిపోరు. సాయంత్రం పెద్దవాళ్ళకి, అంటే దాదాపు ఆడవాళ్ళకే, చదవడం రాయడం.

అక్కడి చిచేవా భాషలో ఆడవాళ్ళని గౌరవంగా 'అమాయి' అంటారు, మనం అమ్మా అన్నట్టు. నలభై ఆరేళ్ళ మనిషిని పట్టుకుని ఊరు ఊరంతా అమ్మాయీ అమ్మాయీ అని పిలుస్తుంటే మొదటి వారం నాకు నవ్వాగలేదు.

సెంటర్ గోడమీద రాసిన ప్రాజెక్టుల జాబితా పెద్దదే. కుట్టుమిషన్లు ఆరు, తిరిగేవి రెండు. ఎవరో పుణ్యాత్ములు పంపిన కంప్యూటర్లు నాలుగు, కరెంటే లేదు కాబట్టి వాటిమీద జల్లెడలు పెట్టుకుంటున్నారు. తేనెటీగల పెట్టెలు మాత్రం నిజంగానే బాగా నడుస్తున్నాయి, కానీ నాకు తేనెటీగలంటే భయం, వాటి దగ్గరికే పోలేదు. నాకు తెలిసింది బోరింగు సంగతి. అక్కడ దాన్ని మ్జీగో అంటారు.

2023 జులైలో అది ఆగిపోయింది. ముందు రెండు వారాలు ఇరవైసార్లు కొడితే గానీ నీళ్ళు రాలేదు, తర్వాత ఎంత కొట్టినా గాలే. అరవై నాలుగు ఇళ్ళకీ, సెంటర్‌లో జావ కాచడానికీ అదొక్కటే ఆధారం. ఆడవాళ్ళు మళ్ళీ దాంబో బాట పట్టారు. దాంబో అంటే పల్లంలో తడిగా ఉండే నేల, అక్కడ చెలమల్లాంటి గుంటలు తవ్వి నీళ్ళు ముంచుకుంటారు. పశువులూ అక్కడే తాగుతాయి. పిల్లలకి విరేచనాలు మొదలయ్యాయి.

మన ఊళ్ళలో బోరింగు చెడితే ఎంత తతంగమో తెలుసు కదా, నలుగురు మనుషులు రావాలి, ఇనప పైపులు ఒక్కొక్కటీ పైకి లాగాలి. మనది ఇండియా మార్క్ టూ. అక్కడిది ఆఫ్రిడెవ్, 1980ల మొదట్లో మలావీలోనే మాల్డెవ్ పేరుతో పుట్టి, తర్వాత కెన్యాలో మెరుగుపడిన పంపు. ఊళ్ళోవాళ్ళే విప్పి బిగించుకునేలా చెయ్యాలన్నదే దాని ఉద్దేశం. ఆ చుట్టుపక్కల ఊళ్ళకి ఒక మెకానిక్ ఉన్నాడు. సైకిలు మీద వచ్చాడు, చేతిలో ఒకే ఒక్క స్పానర్. నేను మిగతా సామాను వెనక బండిలో వస్తుందేమో అని రోడ్డువైపు చూస్తూ నిలబడ్డాను. అంతే సామాను. పైపు కదపకుండా లోపలి రాడ్లు ఒకదానికొకటి తగిలించినవి తగిలించినట్టు పైకి లాగేశాడు, కొసన ఉన్న రబ్బరు సీల్ తీసి చూపించాడు. అంచు అరిగి పీలికలైంది. ఏడాదికోసారి మార్చాల్సింది, నాలుగేళ్ళయిందట. రెండు రాడ్లు తుప్పుపట్టాయి, హ్యాండిల్ బుష్‌లు అరిగాయి. అన్నీ కలిపి టౌన్లో 90,000 క్వాచాలు అన్నాడు. అప్పటి లెక్కన మన డబ్బుల్లో ఏడెనిమిది వేలు.

నేనే ఇచ్చేస్తానన్నాను. సెంటర్ నడిపే ఆవిడ, నాకంటే చిన్నదే గానీ నేను అక్కా అనాల్సినంత పెద్దరికం ఉన్న మనిషి, నవ్వింది. "మీరు కడితే రేపటినుంచి మ్జీగో ఎప్పుడు మొరాయించినా ఫోన్ మీకే వస్తుంది అమాయి, అర్ధరాత్రయినా. మీ ఆయన ఒప్పుకుంటారా?" అంది. ఒప్పుకోరు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఊరి పెద్దని మ్ఫుము అంటారు. ఆయన అనుమతి లేకుండా చందా ఎత్తకూడదు. ఒక కిలో పంచదార, సబ్బులు పట్టుకుని వెళ్ళాం. మగవాళ్ళకి కుర్చీలు, ఆడవాళ్ళకి చాపలు, నాకు కుర్చీ వేశారు. కూర్చోవాలో దిగాలో తెలియలేదు. చివరికి చాపమీద కూర్చుంటే మోకాళ్ళు పట్టేసి లేవడానికి ఇద్దరు ఆడవాళ్ళు సాయం పట్టాల్సొచ్చింది, దాంతో మీటింగ్ అంతటికీ హుషారొచ్చింది. ఆయన ఒప్పుకున్నాడు. కానీ కొందరు కుర్రాళ్ళు మీటింగ్ అలవెన్స్ ఎంత అని అడిగారు. వాళ్ళ నీళ్ళకోసం వాళ్ళు కూర్చుంటే అలవెన్సేంటని నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఇంటికి పోతుంటే తట్టింది, బయటినుంచి వచ్చే ప్రతి ప్రాజెక్టువాళ్ళూ మీటింగ్‌కి కూర్చున్నందుకు డబ్బిచ్చి అలవాటు చేశారు. పైగా గాన్యుకి, అంటే దినకూలికి, పోతే ఆ పూట డబ్బులన్నా వస్తాయి. అడిగిన కుర్రాడి తప్పేముంది. అయినా ఇవ్వలేదు.

ఇంటికి నెలకి 500 క్వాచాలు అనుకున్నారు. పంపు కమిటీలో పదిమంది, ఎక్కువమంది ఆడవాళ్ళే. ఇక్కడ నా పెద్దరికం ఒకటి. మా అమ్మ డ్వాక్రాలో ఇరవై ఏళ్ళు లీడరు, ఆ గొప్ప అంతా నాదే అన్నట్టు, పెట్టెకి మూడు తాళాలుండాలి, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గరుండాలి అని ఉపన్యాసం ఇచ్చాను. వాళ్ళు మర్యాదగా విన్నారు. ఆ ఊళ్ళో మూడు తాళాల పెట్టెలు అప్పటికే రెండున్నాయని, వాటిని బ్యాంక్ ఎంఖోండే అంటారని, ఖోండే అంటే మన వసారా అని, అంటే అది వసారా బ్యాంకని నాకు తర్వాత తెలిసింది. ఎవరూ మధ్యలో ఆపి చెప్పలేదు పాపం. ఒక చెవి నాకే ఇచ్చారు.

సెప్టెంబరు చివరికి 58,000 పోగైంది. ఆ తర్వాత నేను సెలవుపెట్టాను, మా అబ్బాయి వచ్చాడు, నా చెవి సెంటర్ ఆవిడకిచ్చి వెళ్ళాను. నవంబరు 9న అక్కడి రిజర్వ్ బ్యాంకు క్వాచా విలువ తగ్గించింది. ముందురోజు 1,180 దగ్గరున్న డాలరు పొద్దున లేచేసరికి 1,700. అందరూ డీజిల్ గురించీ వంటనూనె గురించీ మాట్లాడుకుంటున్నారు, నేను మాత్రం షాపుకి ఫోన్ చేసి సీల్ ధర అడిగాను. మొత్తం సామాను 1,35,000 అన్నాడు.

వెంటనే ఊరికి వెళ్ళాను, ఉన్నదంతా పెట్టి ముందు సీలన్నా కొనేద్దాం, ధర ఇంకా పెరక్కముందే అని. పెట్టె తెరిచాం. ఖాళీ. పైసా లేదు.

నేను ఆ క్షణం అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఇంగ్లీషులో అన్నాను, తెలుగులో కూడా అన్నాను. ఖజాంచి, మందాసి అమ్మే ఆవిడ (మందాసి అంటే మన మైసూరు బోండాలకి తియ్యటి చెల్లెలు), ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. సాయంత్రం క్లాసులో నేను నేర్పిన అంకెలే, సున్నాలు కోడిగుడ్లంత. అక్టోబరు మొదట్లో తొమ్మిదిమందికి అప్పిచ్చారు, మొత్తం 58,000, నెలకి నూటికి ఇరవై వడ్డీ. ఎరువులకి ఒకరు, విత్తనాలకి ముగ్గురు, టమాటా బేరానికి ఒకరు.

ఇరవై రూపాయల వడ్డీ! మా ఊళ్ళో మూడు రూపాయల వడ్డీకి తిప్పేవాణ్ణే జలగ అంటారు. కానీ ఆ వడ్డీ ఎవరి జేబులోకీ పోదు, పెట్టెలోకే వస్తుంది, పెట్టె వాళ్ళదే. ఖజాంచి ఒకటే మాటంది: "డబ్బు పెట్టెలో పడుకుంటే చచ్చిపోతుంది అమాయి." మరి నాకెందుకు చెప్పలేదంటే, చెబితే వద్దంటారు కదా అంది. అంటాను, నిజమే.

డిసెంబరు చివర్లో అన్నీ వసూలయ్యాయి. ఒకావిడ రెండు కోళ్ళిచ్చింది, వాటికి ధరకట్టి రాసుకున్నారు. అసలు 58,000, మూడు నెలల వడ్డీ 34,800, ఆ మూడు నెలల చందాలు 45,000. చందాలు తగ్గడం చూడండి, జనవరికల్లా అక్కడ ఇళ్ళలో గింజలు నిండుకుంటాయి, అందరూ చెయ్యి బిగపట్టే కాలం అది. మొత్తం 1,37,800.

అంటే వాళ్ళు చేసిందే లెక్కకి నిలబడింది. పెట్టెలోనే ఉంచితే పంపు బాగయ్యేది కాదు. కానీ అక్టోబరులో, ఎండలు మండిపోయే నెలలో, ఆ 58,000కి ఇంకొంచెం కలిపి నా దగ్గర చేబదులు తీసుకున్నా మూడు నెలలు ముందే నీళ్ళొచ్చేవి కదా, ఆ మూడు నెలలూ పిల్లలు దాంబో నీళ్ళే తాగారు కదా అని నాకు ఇప్పటికీ ఉంది. ఈ మాట వాళ్ళతో అన్నాను. అవునన్నారు. అని ఊరుకున్నారు.

జనవరి రెండో వారంలో మెకానిక్ అదే సైకిలు మీద, అదే స్పానర్‌తో వచ్చాడు. జోరున వాన. ఆర్నెల్లు నీళ్ళకోసం ఏడ్చి, బాగుచేసిన రోజు అందరం తడిసి ముద్దయ్యాం. మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదలుపెట్టి సాయంత్రం పొయ్యిలు వెలిగించేలోపు అయిపోయింది. రాడ్లు పైకి తీసేటప్పుడు కమిటీ ఆడవాళ్ళు ఇద్దరితో కొత్త సీల్ వేయించాడు. వచ్చే ఏడు నన్ను పిలవకండి, నాకు వేరే ఊళ్ళున్నాయి అన్నాడు.

ఈ గొడవలోనే ఇంకో పని మొదలైంది. డబ్బు కరిగిపోతుందని చూశారు కాబట్టి, నవంబరులోనే మ్ఫుముని అడిగి సెంటర్ వెనక అరెకరం తీసుకుని, పంపు పేరుమీద వేరుశనగ వేశారు. సీజీ7 అని ఎర్రగింజ రకం, 1990 నుంచి అక్కడ సాగులో ఉంది. దాని వెనకున్నది మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ అని నేను గర్వంగా చెబితే, అయితే మీకు వేరుశనగ బాగా తెలిసుండాలే అన్నారు. అక్కడ చాలామంది కాయలు వలవడానికి ముందు నీళ్ళు చల్లి మెత్తబరుస్తారు, తడికి బూజుపట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, వద్దన్నాను. సరే, మీరు ఒక బేసిన్ పొడిగా వలిచి చూపించండి అన్నారు. వలిచాను. బొటనవేళ్ళు రెండూ బొబ్బలెక్కాయి. నా ఉపన్యాసం సగంలో ఆగింది. తర్వాత పక్క ఊరినుంచి చేత్తో తిప్పే మిషన్ అద్దెకి తెచ్చుకున్నారు.

ఆ ఏడు ఎల్ నీనో. వానలు మధ్యలో ఎగ్గొట్టాయి, మార్చిలో దేశంలో 28 జిల్లాలుంటే 23 జిల్లాల్లో విపత్తు ప్రకటించారు. అరెకరంలో ఎనిమిది బస్తాలొస్తాయనుకున్నది మూడున్నర వచ్చింది. ఒకటి విత్తనానికి ఉంచారు, ఒకటి పిల్లల జావలోకి పిండి కొట్టారు, మిగిలింది అమ్మి పెట్టెలో వేశారు.

అమ్మారన్నది నేను చూడలేదు. మేలో నేను ఒంగోల్లో ఉన్నాను, మా అమ్మకి ఒంట్లో బాగాలేక హడావుడిగా బయల్దేరాను. హ్యాండ్‌బ్యాగులో చిల్లర వెతుకుతుంటే మూడో తాళంచెవి చేతికి తగిలింది. టెన్షన్‌తో ఫోన్ చేస్తే, గోనెసంచులు కొనాల్సి వచ్చి అప్పటికే తాళం పగలగొట్టామన్నారు. తిరిగెళ్ళాక నోటుపుస్తకం తెరిచి చూశాను. అప్పులున్నవాళ్ళ పేజీలో చివరి వరస నాదే, కోడిగుడ్డు సున్నాలతో: అమాయి, తాళం, 4,500.