గోడకి గుద్దిన కారు
రాత్రి మళ్లీ ఆ వీడియో చూశా. 2020 అక్టోబర్, డ్రైవర్ లేని కార్ల పోటీ రోబోరేస్. డ్రైవర్ లేని కారు బయల్దేరగానే గిర్రున కుడికి తిరిగి నేరుగా గోడకి గుద్దేసింది, అందరూ నవ్వారు గానీ నాకైతే మనసు చివుక్కుమంది. టీమ్ తర్వాత చెప్పిన కారణం ఏంటంటే స్టీరింగ్‌కి వెళ్లాల్సిన అంకె బదులు 'నాట్ ఎ నంబర్' (అంటే అసలు అంకే కాని విలువ) వెళ్లింది, దాంతో స్టీరింగ్ పూర్తిగా కుడికి లాక్ అయిపోయింది. కోడ్ రాసేదాన్ని కదా, వచ్చింది అంకేనా కాదా అని చూసే ఆ ఒక్క చెక్ ఎంత తేలిగ్గా మర్చిపోతామో నాకు తెలుసు.

అదే 2022 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన పోటీ చూడండి, డ్రైవర్ లేని రెండు కార్లు లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే పరికరం), రాడార్, కెమెరాలతో ఒకదాన్నొకటి గమనించుకుంటూ ఓవర్‌టేక్ చేసుకున్నాయి, స్పీడ్ గంటకి 270 కిలోమీటర్లు దాటింది, చివరికి పోలీమూవ్ అనే యూనివర్సిటీ టీమ్ గెలిచింది. ఆ టీమ్ పిల్లల్ని చూసి నిజంగా కళ్లు చెమర్చాయి నాకు.