పరాయి ఊళ్లో గోల్ఫ్ ఆడాలంటే ముందు అడగవలసిన ప్రశ్న

ఉద్యోగం పని మీదనో, బంధువుల ఇంటికనో అమెరికాలో ఒక కొత్త ఊరికి వెళ్లినప్పుడు అక్కడ గోల్ఫ్ ఆడదలచినవారు సాధారణంగా ఫోన్ తెరిచి, దగ్గరలోని కోర్సులను ధరల వరుసలో పెట్టి, ఎక్కువ తగ్గింపు చూపిస్తున్నదాన్ని ఎంచుకుంటారు. నేను ధర కన్నా ముందు మరో విషయం చూస్తాను. ఆ కోర్సు ఉన్న నేల ఎవరిది? నగరానిదా, కౌంటీదా, రాష్ట్ర పార్కుల శాఖదా, లేక ఏదైనా రిసార్టుదా? దీనికి జవాబు దొరికితే గ్రీన్ ఫీ (ఆడడానికి కట్టే రుసుము) ఏ స్థాయిలో ఉంటుందో, నడిచి ఆడనిస్తారో లేదో, మన పక్కన ఆడేవారు ఎలాంటివారో కూడా చాలావరకు తెలిసిపోతుంది.

సభ్యత్వం లేనివారిని ఆడనిచ్చే కోర్సులన్నీ ఒక కోవకు చెందినవి కావు. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్, నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 కూడా డబ్బు కట్టిన ఎవరికైనా తెరిచి ఉన్నవే, కానీ అవి రిసార్టుల ఆస్తులు. పెబుల్ బీచ్‌లో ఒక్క రౌండు (పద్దెనిమిది హోళ్ల ఆట) ఖర్చు 600 డాలర్లు దాటిపోయింది. ప్రైవేటు యజమానులు రోజువారీ రుసుముతో నడిపే కోర్సులు రెండో రకం. వాటిలో శ్రద్ధగా చూసుకునేవీ ఉన్నాయి, చుట్టూ ఇళ్ల స్థలాలు అమ్ముకోవడం కోసం వేసి, అమ్మకం పూర్తయ్యాక వదిలేసినవీ ఉన్నాయి. ఊరు తన ప్రజల కోసం, తన నేల మీద నడుపుకునే కోర్సులు మూడో రకం. పెట్టిన డబ్బుకు తగిన ఆట కోరేవారు వెతకవలసింది వీటినేనని నా దృఢమైన నమ్మకం.

బే ఏరియాలో ఉండే తెలుగువారు ఇంటికి వచ్చిన చుట్టాలను తప్పనిసరిగా తీసుకువెళ్లే చోట్లలో మాంటెరీ ఒకటి. 17 మైల్ డ్రైవ్ చుట్టి, పెబుల్ బీచ్ 18వ హోల్ దగ్గర ఫొటోలు దిగి, ఇక్కడ ఆడడం మనవల్ల కాదులే అనుకుంటూ వెనక్కి వచ్చేస్తారు. అక్కడికి కొద్ది మైళ్ల దూరంలోనే పసిఫిక్ గ్రోవ్ పట్టణానికి సొంత కోర్సు ఉంది. దాని మొదటి తొమ్మిది హోళ్లను 1932లో హెచ్. చాండ్లర్ ఈగన్, తరువాతి తొమ్మిదింటిని 1960లో జాక్ నెవిల్ రూపొందించారు. డగ్లస్ గ్రాంట్‌తో కలిసి పెబుల్ బీచ్‌కు రూపకల్పన చేసింది ఈ నెవిల్‌గారే. ఆట వరుసగా రెండు పార్-3 హోళ్లతో (మూడు దెబ్బలలో ముగించవలసిన చిన్న హోళ్లతో) మొదలై, కొంతసేపు ఇళ్ల మధ్య, చెట్ల మధ్య సాదాసీదాగా సాగుతుంది. పదో హోల్ దాటిన తరువాత మాత్రం నేల స్వభావమే మారిపోతుంది. ఇసుక దిబ్బలు, పాదాలకు అల్లుకునే ఐస్ ప్లాంట్ తీగలు, ఎదురుగా పసిఫిక్ మహాసముద్రం, 1855 నుంచి దీపం వెలుగుతున్న పాయింట్ పినోస్ లైట్‌హౌస్, ఫెయిర్‌వే (హోల్ పొడవునా ఉండే గడ్డి బాట) మధ్యలో ఏ బెదురూ లేకుండా మేసే జింకలు. సముద్రపు గాలి ఎదురైనప్పుడు 130 గజాల షాటుకు మామూలు కన్నా రెండు మెట్లు ఎక్కువ దూరం కొట్టే క్లబ్బు (గోల్ఫ్ కర్ర) తీసుకోవలసి వస్తుంది. ఇంత చేసి అక్కడి గ్రీన్ ఫీ పెబుల్ బీచ్ ఫీజులో ఐదో వంతు కూడా ఉండదు.

అదే తీరాన ఉత్తరంగా పసిఫికాలో ఉన్న షార్ప్ పార్క్ శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి చెందినది. బాబీ జోన్స్‌తో కలిసి అగస్టా నేషనల్‌ను రూపొందించిన అలిస్టర్ మెకెంజీ దీన్ని వేశారు; 1932లో తెరిచారు. సముద్రపు అలలను ఆపడానికి కట్టిన గట్టు వల్ల ఇప్పుడు ఆడేవారికి సముద్రం కనబడదు, వానాకాలంలో కొన్ని హోళ్లు నీటిలో నానుతుంటాయి, మెకెంజీ వేసిన హోళ్లన్నీ ఆయన వేసినట్టే మిగలలేదు. అయినా అగస్టాలోకి అడుగుపెట్టే అవకాశం లేని మనబోటివారు ఆ రూపకర్త గ్రీన్‌ను (రంధ్రం చుట్టూ ఉండే నున్నని గడ్డిని) ఎలా మలుస్తాడో, అక్కడ బంతిని దొర్లించే తమ పుట్టర్‌తో తెలుసుకోగల చోటు ఇది. నాకు అది చాలా విలువైన విషయం.

ఇంత గొప్ప రూపకర్తలు ఊరి కోర్సులకు ఎందుకు పనిచేశారన్నది చాలామందికి కలిగే సందేహం. 1895లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో వాన్ కోర్ట్‌లాండ్ పార్కు కోర్సును తెరిచినప్పటి నుంచీ అమెరికా నగరాలు గోల్ఫ్‌ను పార్కులలో భాగంగా చూశాయి. అది నేటికీ నడుస్తోంది; గోల్ఫ్ బ్యాగు భుజాన వేసుకొని 1 నంబరు సబ్‌వే రైలు ఎక్కి, చివరి స్టేషనులో దిగి, నడిచి చేరుకోవచ్చు. 1930లలో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు ప్రైవేటు క్లబ్బులు మూతపడి రూపకర్తలకు పని కరువైంది, మరోవైపు నిరుద్యోగులకు పని కల్పించేందుకు ప్రభుత్వాలు పార్కుల నిర్మాణం మీద ఖర్చు పెట్టాయి. బోస్టన్ నగరానికి చెందిన జార్జ్ రైట్ కోర్సు ఆ పథకాల డబ్బుతోనే, బండరాళ్లను డైనమైట్‌తో పేల్చి, డొనాల్డ్ రాస్ గీసిన ప్రకారం తయారై 1938లో తెరుచుకుంది. న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లోని బెత్‌పేజ్ స్టేట్ పార్క్ కూడా ఆ కాలపు నిర్మాణమే. రూపకర్తగా ఎ. డబ్ల్యు. టిల్లింగ్‌హాస్ట్ పేరు మీద ఉన్న అక్కడి బ్లాక్ కోర్సును 1936లో తెరిచారు. 2002లో, 2009లో యూఎస్ ఓపెన్, 2019లో పీజీఏ ఛాంపియన్‌షిప్, 2025లో రైడర్ కప్ వంటి పెద్ద పోటీలు జరిగిన ఆ కోర్సు రాష్ట్ర ప్రభుత్వపు పార్కులోనిదంటే కొత్తగా వినేవారికి నమ్మశక్యంగా ఉండదు.

అయితే పేరు మోసిన ప్రజా కోర్సులన్నీ బయటి ఊరివారికి చవక కావు. ఇక్కడ ధరల పట్టికను జాగ్రత్తగా చదవాలి. పన్నులు కట్టేది స్థానికులు కాబట్టి వారికి ఒక రేటు, బయటివారికి మరో రేటు ఉండడం న్యాయమే. బెత్‌పేజ్ బ్లాక్‌లో న్యూయార్క్ రాష్ట్రవాసులు కట్టేదానికి రెట్టింపు మిగిలినవారు కట్టాలి, బుకింగ్ కూడా ముందుగా స్థానికులకే తెరుచుకుంటుంది. 2008లో, 2021లో యూఎస్ ఓపెన్ జరిగిన శాన్ డియెగో నగరపు టోరీ పైన్స్ సౌత్ కోర్సులో ఈ తేడా రెట్టింపు కన్నా చాలా ఎక్కువ. కాబట్టి ప్రయాణికుడు పేరున్న కోర్సుకు తోబుట్టువు లాంటిదాన్ని వెతకాలి. బెత్‌పేజ్‌లో మొత్తం ఐదు కోర్సులున్నాయి. రెడ్ కోర్సు కూడా టిల్లింగ్‌హాస్ట్ పేరు మీదే ఉంది, దాని మొదటి హోల్ నేను ఆడిన అతి కఠినమైన ప్రారంభాలలో ఒకటి, రుసుము మాత్రం బ్లాక్ కన్నా ఎంతో తక్కువ. శాన్ డియెగోలోనైతే నగరానిదే మరో కోర్సు బాల్బోవా పార్కులో ఉంది. లోయల అంచున ఎక్కుతూ దిగుతూ సాగే ఆ కోర్సు నుంచి డౌన్‌టౌన్ భవనాలు కనిపిస్తాయి.

టెక్సస్‌లో ఉండేవారికి నేను ముందుగా చెప్పేది శాన్ ఆంటోనియోలోని బ్రాకెన్‌రిడ్జ్ పార్క్ గురించి. రివర్ వాక్, అలామో చూడడానికి వారాంతంలో కారేసుకొని వెళ్లే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ రెండింటికీ దగ్గరలోనే ఈ కోర్సు ఉంది. 1916లో టిల్లింగ్‌హాస్ట్ వేసిన ఈ కోర్సులో 1922లో మొదటి టెక్సస్ ఓపెన్ జరిగింది. 1955లో ఇక్కడే మైక్ సౌచాక్ నాలుగు రౌండ్లకు 257 స్ట్రోకులతో నెలకొల్పిన రికార్డు 2001 దాకా చెక్కుచెదరలేదు. కోర్సు పొడవు తక్కువ, పెకాన్, ఓక్ చెట్లు ఎక్కువ. డ్రైవర్ అనే పొడవైన క్లబ్బును బ్యాగులోనే ఉంచి బంతిని సరైన చోట పెట్టగలిగినవారికి ఇది ఎంతో తృప్తినిస్తుంది.

గంటల విషయానికొస్తే, ట్విలైట్ రేటు అందరికీ తెలిసిందే. మధ్యాహ్నం రెండు, మూడు గంటల తరువాత ఆట మొదలుపెట్టేవారికి ఫీజు బాగా తగ్గుతుంది. వేసవిలో రాత్రి ఎనిమిది దాటినా వెలుతురు ఉండే ఉత్తరాది రాష్ట్రాలలో నడిచి ఆడినా పద్దెనిమిది హోళ్లూ పూర్తవుతాయి. కుటుంబంతో ప్రయాణం చేసేటప్పుడు నాకు ఉదయపు మొదటి టీ టైమ్ (ఆట మొదలుపెట్టడానికి ఇచ్చే సమయం) మరింత నచ్చుతుంది. ముందు జట్లు ఉండవు కాబట్టి ఆట వేగంగా సాగుతుంది, ఇంట్లోవాళ్లు తయారై టిఫిన్ ముగించేసరికి తిరిగి రావచ్చు. కొన్ని కోర్సులు ఆ వేళ వెనుక తొమ్మిది హోళ్లను (10 నుంచి 18 వరకు) మాత్రమే తక్కువ ధరకు ఆడనిస్తాయి. ఒంటరిగా వెళ్లేవారికి మరో సౌకర్యం ఉంది: ముగ్గురు బుక్ చేసుకున్న జట్టులో నాలుగో స్థానం ఖాళీగా మిగులుతుంది. ఇంటర్నెట్‌లో అన్నీ నిండినట్టు కనబడినా, నేరుగా వెళ్లి, జట్లను వరుసగా ఆటకు పంపే స్టార్టర్‌ను మర్యాదగా అడిగితే ఆ స్థానం తరచుగా దొరుకుతుంది.

బుకింగ్ యాప్‌లు మధ్యవర్తి రుసుము కలుపుతాయి కాబట్టి అక్కడ కోర్సు పేరు తెలుసుకొని, టీ టైమ్ మాత్రం నగరం వెబ్‌సైటులోనే తీసుకోవడం మేలు. టీ టైమ్‌లను మూకుమ్మడిగా పట్టుకొని లాభానికి తిరిగి అమ్మే దళారుల దగ్గర ఎంత అవసరమైనా కొనవద్దని నా విన్నపం. లాస్ ఏంజెలెస్ నగర కోర్సులలో ఈ బెడద ముదిరి, 2024లో బుకింగ్ సమయంలోనే ఒక్కొక్కరి దగ్గర 10 డాలర్ల డిపాజిట్ తీసుకునే పద్ధతిని నగరం ప్రవేశపెట్టవలసి వచ్చింది. ఊరి ప్రజల కోసం తక్కువ ధరకు ఉంచిన ఆట దళారి జేబులోకి పోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ధర అసాధారణంగా తక్కువగా కనబడితే కారణం అడిగి తెలుసుకోవాలి. గట్టిపడిన మట్టికి గాలి, నీరు అందడం కోసం గ్రీన్‌లకు చిన్న చిన్న రంధ్రాలు వేసి ఇసుకతో నింపుతారు. దీన్ని ఎయిరేషన్ అంటారు. ఆ తరువాత సుమారు రెండు వారాలు బంతి గ్రీన్ మీద తిన్నగా దొర్లదు. చల్లని ప్రాంతాలలోని బెంట్ గడ్డికి ఇది వసంతంలో, శరదృతువులో జరుగుతుంది. దక్షిణాదిలోని బెర్ముడా గడ్డికి వేసవిలో చేస్తారు. అరిజోనా ఎడారి కోర్సులలోనైతే బెర్ముడా నిద్రాణమయ్యే ముందు రై గడ్డి విత్తనాలు చల్లడానికి సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కొన్ని వారాలు కోర్సునే మూసేస్తారు. వేసవిలో అక్కడ ఫీజులు బాగా పడిపోతాయి. ఎండకు భయపడని తెలంగాణ, రాయలసీమ వాసులకు ఫీనిక్స్ నగరానికి చెందిన పపాగో కోర్సు జూన్ నెలలో తెల్లవారుజామున అందుబాటులోకి వస్తుంది. ఎర్రని గుట్టల పక్కన సూర్యోదయ సమయంలో ఆడడం గొప్ప అనుభవం.

నగర కోర్సులు కాకుండా మరో అపురూపమైన ఏర్పాటు అలబామాలో ఉంది. ఆ రాష్ట్రపు ఉపాధ్యాయుల, ఉద్యోగుల పింఛను నిధి 1992 నుంచి రూపకర్త రాబర్ట్ ట్రెంట్ జోన్స్ పేరుతో వరుసగా గోల్ఫ్ కోర్సులు నిర్మించింది. పర్యాటకుల రాకతో రాష్ట్రం ఆదాయం పెరిగితే నిధికీ మేలని దాని అధిపతి డేవిడ్ బ్రాన్నర్ భావించారు. మొత్తం 11 చోట్ల, 26 కోర్సులు, 468 హోళ్లు. నగర కోర్సుల కన్నా ఖరీదు కొంత ఎక్కువే అయినా, ఆ నాణ్యతకు రిసార్టులు అడిగే మొత్తంతో పోలిస్తే చాలా తక్కువ. అట్లాంటా నుంచి రెండు గంటలలోపు చేరుకోగల ఒపెలైకాలోని గ్రాండ్ నేషనల్‌లో రెండు పెద్ద కోర్సులతో పాటు పద్దెనిమిది పార్-3 హోళ్ల చిన్న కోర్సు సరస్సు ఒడ్డున ఉంది. ఆట నేర్చుకుంటున్న పిల్లలను తీసుకువెళ్లేవారు పెద్ద కోర్సును పక్కన పెట్టి ముందుగా దాన్నే ఆడాలని నా సలహా.

విమానంలో గోల్ఫ్ బ్యాగుకు రానూపోనూ కట్టే రుసుము ఒక్కొక్కసారి గ్రీన్ ఫీని మించిపోతుంది. నియమాలు 14 క్లబ్బులకు మించరాదని చెబుతాయి కానీ కనీసం ఇన్ని ఉండాలని చెప్పవు. ఏడెనిమిది క్లబ్బులు, పలుచని సంచి చాలు. నడవడానికీ అదే హాయి. ఊరి కోర్సులలో అద్దెకిచ్చే సెట్లు పాతవై ఉండవచ్చు కాబట్టి కనీసం సొంత పుట్టర్ వెంట ఉంచుకోవడం మంచిది.

హైదరాబాదులో పెరిగిన మాకు గోల్ఫ్ అంటే గోల్కొండ నయా ఖిల్లాలో కంచె అవతల కనిపించే పచ్చదనం. అది పెద్దవాళ్ల ఆట అని అడగకుండానే నమ్మేవాళ్లం. ఢిల్లీలోని లాడో సరాయ్‌లో డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ) నడిపే కుతుబ్ గోల్ఫ్ కోర్సు లాంటివి, సభ్యత్వం లేకుండా ఎవరైనా డబ్బు కట్టి ఆడగలిగేవి, మన రెండు రాష్ట్రాల నగరాలలోనూ పుట్టాలని మనసారా కోరుకుంటాను. అమెరికా ఊరి కోర్సులలో నాతో కలిసి ఆడినవారిలో పదవీ విరమణ చేసిన పోస్ట్‌మన్లు, బస్సు డ్రైవర్లు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సులు ఉన్నారు. వారాంతంలో ఆట ఐదు గంటలు దాటుతుంది, బంకర్లలో ఇసుక పలుచగా ఉంటుంది, టీ (హోల్‌లో మొదటి షాటు కొట్టే చోటు) దగ్గర గడ్డి అరిగిపోయి ఉంటుంది. ఇవి తెలిసి వెళ్లాలి. కొత్తవాడినని తెలియగానే ఏ గ్రీన్ ఎటు వాలుతుందో, ఏ గుంట కంటికి కనబడదో వాళ్లే చెబుతారు. ఆ సాయానికి ఏ రిసార్టులోనైనా బ్యాగు మోసే కేడీకి విడిగా డబ్బు ఇవ్వవలసి ఉంటుంది.

నేను ఇంకా ఆడవలసినది బోస్టన్‌లోని జార్జ్ రైట్. శరదృతువులో ఆకులు రంగు మారే సమయానికి వెళ్లాలని అనుకుంటున్నాను కాబట్టి, విమానం టికెట్టు కొనే ముందు ఎయిరేషన్ ఏ వారంలో చేస్తారో ప్రో షాప్‌కు (కోర్సులోని దుకాణానికి) ఫోన్ చేసి కనుక్కోవాలి.