చింతగింజల లెక్క: మారథాన్ సాధన, 14వ వారం

ఈ ఆదివారం 24 కిలోమీటర్లు పూర్తయ్యాయి. తెల్లవారుజామున 4.15కు మాసాబ్‌ట్యాంక్‌లో బయలుదేరి 7.15కు ఇంటికి చేరాను. అంటే కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు. గత వారం ఇబ్బంది పెట్టిన ఎడమ పిక్క 19వ కిలోమీటరు దాకా గుర్తుకే రాలేదు. ఆ తర్వాత కాస్త పట్టేసింది గానీ అడుగు మార్చాల్సిన అవసరం రాలేదు.

నేను బూట్లు విప్పుతుండగానే అమ్మ గాజు సీసాలోంచి ఒక చింతగింజ తీసి పక్క గిన్నెలో వేసింది. ఇక ఆరు మిగిలాయి.

ఆ గింజల సంగతి ముందు చెప్పాలి. ఆరేళ్ల కిందట అమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్‌ను మన ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అంటారు. అమ్మకు 25 సార్లు పెట్టారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి, అయిదు వారాలు. వారానికొకసారి కీమో కూడా ఉండేది. మొదటి రోజే అమ్మ సీసాలో 25 చింతగింజలు వేసుకుంది. ఆసుపత్రి నుంచి రాగానే ఒకటి తీసేది. వాంతులతో నీరసించి పడుకున్న రోజు కూడా నన్ను పిలిచి, ‘నువ్వు తియ్యి, నేను చూస్తాను’ అంది. ఏప్రిల్‌లో నేను మారథాన్ సాధన మొదలుపెట్టినప్పుడు అదే సీసాలో 20 గింజలు వేసి ఇచ్చింది. వారానికి ఒకటి.

కరెంటు పెట్టేది కొన్ని నిమిషాలే. దానికోసం అయిదు వారాలు నగరంలో ఉండాలి. మాకు ఇక్కడ ఇల్లుంది కాబట్టి ఆ కష్టం తెలియలేదు. అమ్మ పక్కన బెంచీ మీద కూర్చునే ఒకావిడ ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చేది. ఆరోగ్యశ్రీతో వైద్యం ఖర్చు గట్టెక్కినా, గది అద్దె, ఇద్దరి భోజనం, ఆటోలు, భర్త పోగొట్టుకున్న కూలి, ఇవన్నీ వాళ్ల నెత్తినే పడ్డాయి. పదకొండు కరెంట్లయ్యాక ఆవిడ రావడం మానేసింది. మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లోపు ముగియాలనీ, మధ్యలో ఆగితే కణితి మళ్లీ పుంజుకోవచ్చనీ డాక్టరు మాకు మొదటి రోజే చెప్పారు. ఆవిడకూ చెప్పే ఉంటారు. నేను మాత్రం ఆవిడ ఫోను నంబరైనా అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే ఈ పరుగు పేరుతో నేను అడిగి తెచ్చే విరాళాల డబ్బంతా రోగులకు, తోడు వచ్చినవాళ్లకు బస, భోజనం ఇచ్చే ఒక ట్రస్టుకు వెళుతుంది. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి ఎన్నెన్నో జిల్లాల నుంచి రోగులు వస్తారు. అలా దూరం నుంచి వచ్చి, నగరంలో తలదాచుకునే చోటు లేనివాళ్లే ఈ ట్రస్టుకు వస్తారు. ఇద్దరికి కలిపి రోజుకు 300 రూపాయలు పడుతుందని వాళ్లు చెప్పారు. అయిదు వారాలంటే 35 రోజులు, 10,500 రూపాయలు. శని, ఆదివారాల్లో కరెంటు ఉండదు గానీ ఆకలి ఉంటుంది కదా. ఇరవై కుటుంబాలకు 2,10,000 కావాలి. నిన్నటికి 1,38,200 వచ్చింది. పదమూడు కుటుంబాలకు సరిపోయి, పద్నాలుగో కుటుంబానికి అయిదు రోజులకు పైగా చేరింది.

ఇప్పుడు సాధన వివరాలు. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. దూరం 42.195 కిలోమీటర్లు. దారిలో ఫ్లైఓవర్లు, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున చదునుగా పరుగెత్తి అలవాటైనవాళ్లకు ఇక్కడే కాళ్లు మొరాయిస్తాయి. మొదటి రెండు నెలలు నేనూ నెక్లెస్ రోడ్డునే నమ్ముకున్నాను. 12వ వారంలో ఆదివారం పరుగును 18 నుంచి ఒకేసారి 22 కిలోమీటర్లకు పెంచి, అదే వారం కె.బి.ఆర్. పార్కు పక్క ఎత్తు మీద ఎనిమిదిసార్లు ఎక్కి దిగాను. పిక్క పట్టేసింది అందుకే. రెండింటిలో ఏదో ఒకటే పెంచాల్సింది. 13వ వారమంతా కలిపి 8 కిలోమీటర్లే, అదీ నడకతో కలిపి. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి, నిదానంగా కిందికి దించడం 15 చొప్పున మూడు విడతలు, పొద్దున్నా సాయంత్రమూ చేశాను. దింపేటప్పుడే నిదానం కావాలి, మేలు చేసేది ఆ నిదానమే. ఇది ఆగస్టు దాకా ఆపను.

ఆషాఢంలో ఎండ తగ్గినా ఉక్క తగ్గలేదు. చెమట ఎంత పోతుందో ఈసారి కొలిచాను. బయలుదేరేముందు బరువు 61.2 కిలోలు, వచ్చాక 59.8. దారిలో తాగింది 1.1 లీటర్లు. అంటే మూడు గంటల్లో దాదాపు రెండున్నర లీటర్లు పోయింది. శరీర బరువులో 2 శాతానికి మించి తగ్గకుండా చూసుకోవాలి, నాది కొద్దిగా దాటింది. వచ్చే వారం అరలీటరు ఎక్కువ తాగాలి. ఒట్టి నీళ్లు కాదు, ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం కలిపినవి. ముందు రోజు రాత్రి అన్నం, పప్పుచారు. మూడున్నరకు రెండు అరటిపళ్లు. దారిలో పల్లీపట్టీ ప్రయత్నించాను గానీ రొప్పుతున్నప్పుడు నమలడం కష్టం, గొంతుకు అడ్డం పడుతుంది. గింజ తీసిన ఖర్జూరాలు నయం, అరగంటకు రెండు.

బూట్లు 640 కిలోమీటర్లు దాటాయి. కొత్తవి ఈ వారమే కొంటాను, పరుగు రోజుకు అవి కాలికి అలవాటు పడాలి.

విరాళాల విషయంలో నేర్చుకున్నది రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. 180 మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశానికి ముగ్గురు స్పందించారు. అదే మాట ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబితే పదిమందిలో ఆరుగురు ఇచ్చారు. ‘క్యాన్సర్ రోగులకు సాయం’ అన్నప్పుడు కన్నా ‘ఒక రోజు బస, ఇద్దరికి భోజనం, 300’ అన్నప్పుడు ఎక్కువమంది చెయ్యి ముందుకు వచ్చింది. మా వీధి చివర కూరగాయలు అమ్మే ఆమె వంద ఇచ్చి, ‘ముగ్గురం కలిస్తే ఒక రోజు అవుతుందా అమ్మా?’ అని అడిగింది. మర్నాడు పక్క బండ్ల వాళ్ల దగ్గర ఇంకో రెండు వందలు తెచ్చింది.

డబ్బు నా ఖాతాలోకి రానివ్వను. నేరుగా ట్రస్టు ఖాతాకే పంపమంటాను, నగదు ఇచ్చినవాళ్ల వివరాలు పుస్తకంలో రాసి అదే రోజు జమ చేస్తాను. విరాళంపై ఆదాయపు పన్నులో రాయితీ కావాలంటే పాన్ నంబరు ఇవ్వాలి, 2,000 దాటిన నగదుకు రాయితీ రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఈ రాయితీయే లేదు. ఈ మాట ముందే చెప్పాలి. చెప్పినందువల్ల ఎవరూ వెనక్కి తగ్గలేదు.

ఇంకొకటి నేను అనుకోకుండా జరిగింది. అమ్మ జబ్బు గురించి స్టాఫ్‌రూములో చెబుతున్నప్పుడు, ఇది దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వైరస్ వల్లే వస్తుందనీ, ముప్పై దాటిన ఆడవాళ్లు పరీక్ష చేయించుకుంటే క్యాన్సర్ కాకముందే మార్పులు పట్టుకోవచ్చనీ అన్నాను. ఇద్దరు టీచర్లు వెళ్లి పరీక్ష చేయించుకున్నారు. ఒకరికి ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారట. ఆమె విరాళం ఇవ్వలేదు, నేను అడగనూ లేదు. ఈ పద్నాలుగు వారాల్లో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే.

15వ వారం: మంగళవారం 8, గురువారం 10, ఎత్తులు వద్దు. వచ్చే ఆదివారం 26. లాల్‌దర్వాజ బోనాలు అదే రోజు, పాతబస్తీలో పిన్ని ఇంటికి మధ్యాహ్నానికి చేరాలి. అందుకని నాలుగుకే బయలుదేరతాను. 16వ కిలోమీటరు దగ్గర రెండో ఓఆర్ఎస్ నీళ్ల సీసా అందించడానికి తమ్ముడు స్కూటరు మీద వస్తానన్నాడు. వెనక సీటు మీద తనూ వస్తానంటోంది అమ్మ.